వేలికి పెట్టే ఆక్సీమీటర్: 94 అన్నారు సరే, ఎలా చూడాలి?

2020 మార్చిలో, కోవిడ్ మొదలైన రోజుల్లో, ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు వినిపించేది, ఆ తర్వాత జాగ్రత్తల పాఠం. ఆ జాగ్రత్తలు మాత్రం ఒక్కచోట నిలబడలేదు. మాస్కు, జబ్బు ఉన్నవాళ్లకీ ఆసుపత్రి సిబ్బందికీ చాలన్నారు. ఏప్రిల్ మొదటి వారానికల్లా ఇంట్లో కుట్టుకునైనా అందరూ పెట్టుకోమన్నారు. రెండో వేవ్ నడుస్తుండగా 2021 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన చికిత్సా సూచనల్లో ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందులు ఉన్నాయి. మే చివర కేంద్ర ఆరోగ్య సేవల విభాగం (డీజీహెచ్‌ఎస్) సవరించిన పత్రంలో, లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్లకు అవేవీ లేవు. కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసే ప్లాస్మా దాతల కోసం ఊరూవాడా వాట్సాప్‌లో వెతికాక మే 17న దాన్ని కూడా జాబితాలోంచి తీసేశారు. ఇన్ని మార్పులు చూసినవాడు ఏ సలహానైనా అనుమానంగా చూస్తే తప్పు పట్టలేం.

మారకుండా నిలిచిన సలహాల్లో ఒకటి, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే డాక్టర్‌ని సంప్రదించమన్నది. ఆ అంకె కోసమే ఇంటింటికీ పల్స్ ఆక్సీమీటర్ వచ్చింది. లాక్‌డౌన్‌లో కొన్న యూవీ పెట్టెలు, ఆవిరి యంత్రాలు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎండలో నిలబెట్టి నుదుటికి గురిపెట్టిన థర్మామీటర్లు, వీటన్నిటి పక్కన పెడితే పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది ఇదొక్కటే. కాకపోతే పోస్టర్ల మీద అంకె వేసినంత పెద్ద అక్షరాల్లో, దాన్ని ఎలా చూడాలో వేయలేదు. చూసే పద్ధతి తప్పితే ఈ మీటరు బాగున్నవాడిని గాభరా పెడుతుంది, బాగోలేనివాడికి ధైర్యం చెబుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. కోవిడ్‌లో 85కి పడిపోయినా ఆయాసం తెలియకుండా, ఫోన్‌లో మామూలుగా మాట్లాడినవాళ్లు ఉన్నారు. మనిషిని చూసి చెప్పలేని ఆ స్థితిని పట్టుకోవడమే దీని పని.

క్లిప్పు లోపల ఒక పక్క రెండు చిన్న దీపాలు ఉంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎర్ర వెలుగు, రెండోది 940 దగ్గర, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. అవతలి పక్క ఉండే సెన్సర్, వేలిని దాటి ఎంత వెలుగు వచ్చిందో కొలుస్తుంది. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎర్ర వెలుగును ఎక్కువగా వదిలేస్తుంది, ఆక్సిజన్ లేనిది దాన్ని తాగేస్తుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని, రెండు వెలుగుల నిష్పత్తి నుంచి శాతం కడుతుంది. అంటే నాడి సరిగా దొరక్కపోతే శాతం కూడా నమ్మదగ్గది కాదు. ఈ మీటరు చేసే చాలా పొరపాట్లకు మూలం ఇదే.

పెట్టె మీద ±2 అని ఉంటుంది. చాలామంది దీన్ని ‘94 చూపిస్తే 92కీ 96కీ మధ్య ఉన్నట్టే’ అని చదువుతారు. అలా కాదు. మూడింట రెండొంతుల రీడింగులు మాత్రమే ఆ హద్దులో పడతాయని దాని అర్థం. మిగిలినవి ఇంకా దూరం వెళ్లొచ్చు. మందులనూ వైద్య పరికరాలనూ అనుమతించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ తాను అనుమతించిన మీటర్ల గురించే 2021లో చెప్పిన మాట: 90 చూపిస్తే అసలు విలువ 86 నుంచి 94 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే 94కీ 93కీ మధ్య గీత గీసి కూర్చోకూడదు. ఒక్క అంకె కంటే రోజురోజుకీ ఎటు పోతోందన్నదే ముఖ్యం. ఎప్పుడూ 98 ఉండే మనిషికి రెండు రోజుల్లో 95 అయిందంటే, అది 94 పైన ఉన్నా పట్టించుకోవలసిన మార్పే. ఒంట్లో బాగున్న రోజు ఒకసారి చూసి రాసిపెట్టుకోమనేది కూడా ఇందుకే.

చూసే పద్ధతికి వస్తే, మెట్లెక్కి వచ్చిన వెంటనే, దగ్గుతున్నప్పుడు పెట్టకండి. ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చోవాలి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టాలి. మధ్య వేలు గానీ చూపుడు వేలు గానీ, గోరు దీపం ఉన్న వైపుకి వచ్చేలా, కొస అడ్డుకి తగిలేదాకా లోపలికి పెట్టాలి. సాధారణంగా తెర ఉన్న వైపే గోరు ఉండాలి. చెయ్యి గుండె ఎత్తులో, ఛాతీ మీదో బల్ల మీదో ఆనించి కదపకుండా ఉంచాలి. మొదటి పది సెకన్లలో కనిపించేది చూసి ఎవరికీ ఫోన్ చేయొద్దు. 88 నుంచి మొదలై 97 దాకా పాక్కుంటూ పోవడం మామూలే. కనీసం ఒక నిమిషం ఆగి, ఐదు సెకన్లపాటు కదలకుండా నిలిచిన అంకెల్లో పెద్దదాన్ని రాసుకోవాలి. టైము, పల్సు కూడా పక్కన రాయాలి. జబ్బు ఉన్నప్పుడు రోజుకి మూడుసార్లు, అదే చెయ్యి, అదే వేలు. అరగంటకోసారి చూస్తూ కూర్చుంటే గుండె దడ పెరగడం తప్ప కొత్తగా తెలిసేది ఉండదు.

అంకె తక్కువ వస్తే ముందు వేలు మార్చి చూడండి. నల్ల, నీలం నెయిల్ పాలిష్ వెలుగును అడ్డుకుంటుంది, తుడిచేయాలి. ఎర్రగా పండిన గోరింటాకుతో పెద్ద తేడా రాదు గానీ నల్ల మెహందీతో కొన్నిసార్లు రీడింగే రాదు. బీపీ కఫ్ కట్టిన చేతికి పెడితే, గాలి నిండినప్పుడు అంకె పడిపోతుంది. కిటికీ పక్క ఎండలో సెన్సర్‌కి బయటి వెలుగు తగులుతుంది, పైన గుడ్డ కప్పితే చాలు. ఇవన్నీ సరిచూసి, రెండు మూడు వేళ్లకు పెట్టినా 94 కంటే తక్కువే చూపిస్తుంటే మీటరు మీద నింద వేయడం మానేసి డాక్టర్‌కి ఫోన్ చేయాలి. 90 కంటే తగ్గితే అది తీవ్ర స్థాయి, ఇంట్లో ప్రయోగాలకు టైము లేదు.

ఇక, తగ్గిందన్న సంగతి కనపడనీయని కారణాలు వేరే ఉన్నాయి. సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను కూడా మీటరు ఆక్సిజన్ ఖాతాలోనే వేస్తుంది. రక్తహీనత ఉన్నవాళ్లలో శాతం 98 ఉన్నా, మోసే హిమోగ్లోబినే తక్కువ కాబట్టి ఒంటికి అందేది తక్కువే. చర్మం రంగు సంగతి ఇంకా ముఖ్యం. 2020 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశీలన ప్రకారం, మీటరు 92-96 చూపిస్తుండగా ధమని రక్తంలో అసలు విలువ 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లజాతివాళ్లలో 11.7 శాతం. ముదురు రంగు ఒంటికి ఈ మీటరు కొంచెం ఎక్కువ చేసి చెప్పే వీలుంది. మన ఎండల్లో పనిచేసే మనుషులకు 94 అని ఒక్క గీత గీసేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పి ఉండాల్సింది. కాబట్టి అంకె 95 ఉన్నా, మాట పూర్తి చేయకుండానే ఊపిరి అందకపోతే, పెదాలు నీలంగా మారితే, మనిషి మగతగా ఉంటే, మనిషినే నమ్మాలి, మీటరుని కాదు.

ఆరు నిమిషాల నడక పరీక్ష మంచి సలహాల్లో ఒకటి. కూర్చున్నప్పుడు 94 పైన ఉన్నవాళ్లకే ఇది. ముందు ఒకసారి చూసి, గదిలోనే మామూలు వేగంతో ఆరు నిమిషాలు ఆగకుండా నడిచి, వెంటనే మళ్లీ చూడాలి. 93 కంటే తగ్గినా, మొదటి అంకె కంటే మూడుకి మించి పడినా, ఆయాసం వచ్చినా డాక్టర్‌కి చెప్పాలి. అరవై దాటినవాళ్లకు మూడు నిమిషాలు చాలు, ఆస్తమా ఉన్నవాళ్లకు వద్దు. పక్కన ఒక మనిషి ఉండాలి.

ఆసుపత్రిలో మంచం దొరికేలోపు బోర్లా పడుకోమన్న సలహా కూడా ఊరికే చెప్పింది కాదు. మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటి రెండు, మోకాళ్లకు దిగువన ముంగాళ్ల కింద రెండు పెట్టి, ఒక్కో భంగిమలో అరగంట నుంచి రెండు గంటలు. బోర్లా, కుడిపక్క, ఆనుకుని కూర్చుని, ఎడమపక్క, మళ్లీ బోర్లా. తిన్న గంట దాకా వద్దు. గర్భిణులు, పెద్ద గుండె జబ్బులున్నవాళ్లు, వెన్నెముకకో తుంటికో దెబ్బ తగిలినవాళ్లు చేయకూడదు. ఇక కర్పూరం, వాము, లవంగాలు మూటకట్టి పీల్చితే ఆక్సిజన్ పెరుగుతుందన్న వాట్సాప్ వైద్యం ఉంది చూశారూ, ఆ ఘాటుకి ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, రక్తంలో శాతం కదలదు. ఆక్సిజన్ పెట్టకుండా ఖాళీ నెబ్యులైజర్ పీల్చడం కూడా ఆ కోవలోదే.

ఇప్పుడు కొనేవాళ్ల కోసం. అంకెలు రెండే ఉండే మీటరు కంటే, నాడి అల గానీ ఎగిరిపడే గీత గానీ చూపేది మేలు. అల ఒకే తీరుగా వస్తుంటే అంకెని నమ్మొచ్చు, చిందరవందరగా ఉంటే చెయ్యి కదిలిందనో నాడి దొరకలేదనో అర్థం. పీఐ అని ఇంకో అంకె చూపేవి ఇంకా మంచివి. వేలిలో రక్తప్రసారం ఎంత బలంగా ఉందో అది చెబుతుంది. ఒకటి కంటే బాగా తక్కువ ఉంటే చెయ్యి వెచ్చబెట్టి మళ్లీ చూడాలి. బ్లూటూత్‌కి అదనంగా ఇచ్చే డబ్బు దండగ, కాగితం మీద రాసుకున్నది డాక్టర్‌కి తొందరగా అర్థమవుతుంది. స్ప్రింగ్ మరీ బిగుతుగా ఉంటే అదే రక్తాన్ని ఆపి అంకె తగ్గిస్తుంది. పెద్దవాళ్ల క్లిప్పు పసిపిల్లల వేలికి పనికిరాదు, వాళ్లకి వేరే ప్రోబ్‌లు ఉంటాయి.

నకిలీదేమో అన్న అనుమానం ఉంటే పెన్సిల్ పెట్టి చూడండి. పెన్సిల్‌కి కూడా 98, పల్సు 72 అని స్థిరంగా చూపిస్తే దాన్ని అనుమానించాలి. తర్వాత మణికట్టు దగ్గర నాడి పట్టుకుని ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించండి. మీటరు చెప్పే పల్సు దానికి దగ్గరగా ఉండాలి. ఊపిరి బిగపట్టి అంకె తగ్గుతుందా అని చూసే పరీక్ష మాత్రం వద్దు. ఆరోగ్యంగా ఉన్నవాడికి తొందరగా తగ్గదు, తగ్గినా వేలి కొసకి ఆ వార్త అరనిమిషం ఆలస్యంగా చేరుతుంది. ఫోన్ కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెబుతామన్న యాప్‌లను కొలతకు వాడొద్దు. ఫ్లాష్ తెల్లవెలుగే, అందులో ఇన్‌ఫ్రారెడ్ దీపం లేదు.

ధర విషయంలో రెండో వేవ్ ఒక పీడకల. అంతకుముందు వెయ్యి లోపు దొరికినవి రెండు మూడు వేలు పలికాయి. 2021 జులైలో మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ ఆక్సీమీటర్లు, బీపీ మీటర్లు, నెబ్యులైజర్లు, డిజిటల్ థర్మామీటర్లు, గ్లూకోమీటర్ల మీద వ్యాపార లాభాన్ని 70 శాతానికి కట్టడి చేసింది. అప్పటికి ఎక్కువమంది కొనేశారు.

ఒకే మీటరు అపార్ట్‌మెంట్ అంతా తిరిగినప్పుడు ఎక్కువగా చెడిపోయింది తుడిచే తీరు వల్ల. దాని మీద శానిటైజర్ పిచికారీ చేస్తే లోపలికి దిగుతుంది. జెల్ రాస్తే గ్లిజరిన్ పొర సెన్సర్ అద్దం మీద నిలిచి రీడింగ్ తప్పుతుంది. 70 శాతం ఆల్కహాల్ ఉన్న స్వాబ్‌తో లోపల రబ్బరు తుడిచి, పూర్తిగా ఆరాకే మరొకరికి ఇవ్వాలి. సెల్స్ నీరసిస్తే అంకెలు వస్తూ పోతూ ఉంటాయి, రెండు ట్రిపుల్ ఏ సెల్స్ ఒకేసారి మార్చాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది వద్దు. అప్పుడు కొని అల్మారాలో పడేసిన మీటరు ఉంటే ముందు వెనక మూత తీసి చూడండి. సెల్స్ కారి తెల్లటి పొడి పట్టి ఉంటే ఇయర్‌బడ్‌కి కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిచి, ఒక రోజు ఆరబెట్టి కొత్త సెల్స్ వేయండి. తర్వాత పైన చెప్పిన పెన్సిల్, మణికట్టు పరీక్షలు రెండూ మళ్లీ చేయాలి.