నాలుగు కాళ్ల రోబోకి ఎమ్‌జీ996ఆర్ సర్వో: రెండు నెలలు నడిపించి చూశాక

ముందే చెప్పేస్తున్నా, నడిచే రోబో మొదటిసారి చేసేవాళ్లు ఈ సర్వో (చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలబడే చిన్న మోటారు) కొనుక్కోవచ్చు, మోకాళ్లకు మాత్రం పెట్టకండి. మే, జూన్ రెండు నెలలూ గచ్చిబౌలి వైపు ఒక ల్యాబ్‌లో ఇంటర్న్‌గా నాకిచ్చిన పని ఇదే. నాలుగు కాళ్ల చిన్న రోబోని పొద్దున్నించి సాయంత్రం దాకా నడిపించడం, ఎక్కడ పడింది, పడే ముందు ఏ మోటారు ఎంత వేడెక్కింది అని నోట్‌బుక్‌లో రాసుకోవడం. "పడిందని రాస్తే చాలదు, ప్రతిసారీ ఒకేలా పడుతోందా చూడు" అని మొదటిరోజే మా సీనియర్ అక్క చెప్పింది. ఆ మాట పట్టుకునే రెండు నెలలూ పనిచేశాను.

కాలికి మూడు చొప్పున 12 సర్వోలు. ఒక్కోటి 55 గ్రాములు, అంటే మోటార్లే 660 గ్రాములు, బ్యాటరీ, ఫ్రేమ్ కలిపి రోబో 1.8 కేజీలు తూగింది. కొన్నది కోఠి గుజరాతీ గల్లీలో, ఒక్కోటి 350 రూపాయలు పడింది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే అక్కడికి నడిచే వెళ్లొచ్చు. షాపాయన చాలా మంచివాడు. "ఇంటికెళ్లి చూసుకుని మళ్లీ తిరగడం ఎందుకమ్మా, ఇక్కడే తిప్పి చూసుకో" అని సర్వో టెస్టర్ చేతికిచ్చాడు. 14 తిప్పితే రెండు మధ్యలో వణికాయి, వాటిని ఆయనే తీసి పక్కన పెట్టేశాడు. ఈ నంబరుతో చాలామంది తయారు చేస్తారు, ఒకే డబ్బాలోవి కూడా ఒకలా ఉండవు, అందుకే తిప్పి చూడకుండా కొనకండి.

ఇక టార్క్, అంటే తిప్పే బలం. మోయాల్సిన బరువుని (కేజీల్లో) అది ఉన్న దూరంతో (సెంటీమీటర్లలో) గుణిస్తే ఎంత టార్క్ కావాలో వస్తుంది. 6 వోల్టుల దగ్గర 11 కేజీ-సెంటీమీటర్లు అని రాసి ఉంటుంది. అది మోటారు ఇక తిరగలేక ఆగిపోయే చోట వచ్చే అంకె, రోజంతా మోయగలిగే బరువు కాదు. మూడు కాళ్లు నేల మీదుంచి ఒక్క కాలే ఎత్తే నెమ్మది నడకలో ఒక్కో కాలి మీద 600 గ్రాములు పడుతుంది, పాదం మోకాలికి 6 సెంటీమీటర్లు పక్కకుంటే మోకాలి మోటారుకి 3.6 కావాలి. ఎదురు మూలల కాళ్లు జతగా ఎత్తే ట్రాట్‌లో రెండు కాళ్లే మొత్తం మోయాలి కాబట్టి అది 5.4 అవుతుంది, అంటే ఆగిపోయే అంకెలో దాదాపు సగం. టెన్షన్ అంతా అక్కడే. నెమ్మదిగా 20 నిమిషాలు నడిచినా మోకాలి సర్వో గోరువెచ్చగానే ఉండేది, ట్రాట్ పెడితే నాలుగైదు నిమిషాలకే వేలు పెట్టలేనంత కాలేది, కాలు మెల్లమెల్లగా కుంగిపోయేది. అలా కుంగిన సంగతి మన ప్రోగ్రామ్‌కి తెలియనే తెలియదు, ఎందుకంటే సర్వో తన కోణాన్ని లోపలి పొటెన్షియోమీటర్‌తో (తిరిగిన కొద్దీ మారే రెసిస్టర్) చూసుకుంటుంది కానీ బయటికి చెప్పదు. అందుకని పక్కన ఫోన్ నిలబెట్టి స్లో మోషన్‌లో తీసి, వీడియో ఆపి ఆపి కోణాలు కొలిచాం. ఇంటర్న్‌షిప్ మొత్తంలో నాకు బాగా నచ్చిన పని అదే, కాలు ఎప్పుడు ఓడిపోతుందో కళ్లతో చూడటం.

గేర్లు లోహంవే అయినా పళ్లు విరుగుతాయి. ఎంఐటీ వాళ్ల నాలుగు కాళ్ల రోబో మినీ చీతాలో గేరు 6కి 1 మాత్రమే, అంటే మోటారు ఆరు చుట్లు తిరిగితే బయటి షాఫ్టు ఒక చుట్టు, పాదం నేలకు తగిలితే మోటారు కాస్త వెనక్కి తిరిగి ఆ దెబ్బని తీసుకుంటుంది. ఈ సర్వోలో ఆ గేరు నిష్పత్తి చాలా ఎక్కువ, వెనక్కి తేలిగ్గా తిరగదు, దెబ్బంతా పళ్లే తినాలి. ల్యాబ్ బయట గ్రానైట్ అరుగు మీద నడిపిన వారంలో రెండు పోయాయి. పాదాలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాక నెలంతా కలిపి పోయింది ఒక్కటే. దీంతో వచ్చే ప్లాస్టిక్ హార్న్ (సర్వో షాఫ్టుకి తొడిగే చేయి) అంతకన్నా ముందే అరిగిపోతుంది, 25 పళ్ల అల్యూమినియం హార్న్‌లు అదే షాపులో అడిగి తీసుకోండి.

కరెంటు సంగతి కూడా. కదలకుండా ఇరుక్కుంటే ఒక్కోటి 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది, 12 కలిస్తే 30. రోబో లేచి నిలబడే క్షణంలో వోల్టేజీ పడిపోయి కంట్రోలర్ (సర్వోలకు ఆదేశాలిచ్చే బోర్డు) రీసెట్ అయ్యేది, మేం రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికాం. కంట్రోలర్‌కి విడిగా సప్లై ఇవ్వండి, గ్రౌండ్ మాత్రం రెండింటికీ కలపండి.

చివరి రెండు వారాలు మోకాళ్లకు 20 కేజీ-సెంటీమీటర్ల టార్క్ ఉన్న సర్వోలు వేసి, తుంటి దగ్గర ఇవే ఉంచాం. 10 డిగ్రీల ప్లైవుడ్ వాలు మీద ట్రాట్‌లో 15 నిమిషాలు పడకుండా నడిచింది. తుంటికి ఐదుకి నాలుగు ఇస్తాను, మోకాలికి రెండే.