ఆటోనగర్ పంపు మేస్త్రి షాపు: పాత టాటా 407 లారీకి రేస్ (యాక్సిలరేటర్) పట్టేస్తే పంపు దించే ముందు ఇక్కడ చూపించండి

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్ లో లోపలి వీధిలో ఉంటుంది ఈ షాపు. బోర్డు లేదు, అక్కడ లారీ వాళ్లని ఎవర్నడిగినా పంపు మేస్త్రి షాపు అని చూపించేస్తారు. పాత డీజిల్ బండ్లే చేస్తారు, ఎక్కువగా టాటా 407లు, 1613 లారీలు, అప్పుడప్పుడూ లేలాండ్ కామెట్ లారీలు కూడా కనిపిస్తాయి. పంపులు పరీక్షించే ఒక టెస్ట్ బెంచి, ఇద్దరు కుర్రాళ్లు, మేస్త్రి గారు, అంతే షాపు.

నాది 2003 మోడల్ టాటా 407, మా నాన్నగారు కొన్న బండి, ఇప్పుడు నేనే తోలుతున్నా. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు, ఐసు వేసుకుని మధురవాడ వైపు హోటళ్లకి దింపుతా. దీంట్లో కంప్యూటర్లు సెన్సార్లు ఏమీ లేవు, పెడల్ తొక్కితే కేబుల్ లాగుతుంది, కేబుల్ వెళ్లి డీజిల్ పంపు మీద గవర్నర్ (ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే భాగం) లివర్ ని లాగుతుంది, లోపల రాక్ అనే కడ్డీ కదిలి డీజిల్ ఎక్కువ వెళ్తుంది, కాలు తీస్తే స్ప్రింగు లివర్ ని వెనక్కి లాగాలి. ఇంతే పని. పెట్రోల్ బండిలో లాగా గాలి దారిలో మూత తెరుచుకోవడం మూసుకోవడం ఏమీ ఉండదు, రేస్ అంతా పంపు దగ్గరే.

నా బండి సమస్య ఏంటంటే ఖాళీగా ఉన్నప్పుడు బానే ఉండేది, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడూ బానే ఉండేది, లోడుతో కాసేపు తిరిగాక ఎక్కు ఎక్కుతుంటే, అదీ హనుమంతవాక దాటాక ఆ ఎత్తులో గట్టిగా తొక్కాక కాలు తీస్తే రేస్ దిగేది కాదు, ఇంజను అలా అరుస్తూనే ఉండేది, పెడల్ సగంలో ఆగిపోయేది. ముందు బైక్ లు, పక్కన ఆటోలు, వెనకాల ఆర్టీసీ బస్సు, అలాంటి చోట బండి మన మాట వినకపోతే ఎంత భయమో తోలేవాళ్లకే తెలుస్తుంది. ఇంటికి దగ్గర్లో ఒకచోట చూపిస్తే స్ప్రింగు వీక్ అయిందని దాని పక్కనే ఇంకో గట్టి స్ప్రింగు తగిలించారు, దాంతో పెడల్ బరువెక్కి సాయంత్రానికి కాలు లాగేసేది, పట్టేయడం మాత్రం తగ్గలేదు. ఇంకోచోట పంపు దించాలి, గవర్నర్ ఓవరాలింగ్ చెయ్యాలి, పదిహేను వేలు దాకా అవుతుంది, నాలుగు రోజులు బండి వదిలేయండి అన్నారు. నాలుగు రోజులు బండి ఆగితే చేపల కిరాయి వేరేవాడికి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. హార్బర్ లో తోటి డ్రైవరు ఒకాయన ముందు ఆటోనగర్ పంపు మేస్త్రికి చూపించు అంటే వెళ్లా.

ఈ షాపులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఏంటంటే మేస్త్రి గారు ముందు పానా పట్టరు, ప్రశ్నలు అడుగుతారు. చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా? కొంచెం తొక్కినప్పుడా ఫుల్లు తొక్కినప్పుడా? ఆగి ఉన్నప్పుడు రేస్ ఇచ్చినా పట్టేస్తాదా, నడుస్తున్నప్పుడేనా? ఇంకొకటి అడిగారు, అది నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు, "పట్టేసినప్పుడు కాలి ఏలుతో పెడలు పైకి లేపి సూసేవా బాబూ, రేసు దిగిందా లేదా?" అని. దిగింది అన్నా. అయితే తేడా పంపులో కాకపోవచ్చు అన్నారు అప్పుడే. పెడల్ కిందే ఆగిపోయి, మనం లేపితే రేస్ దిగుతుందంటే పెడల్ లోనో కేబుల్ లోనో బిగువు ఉన్నట్టట. అదే పెడల్ దానంతట అది పైకి వచ్చేసి కూడా ఇంజను అరుస్తుంటే అప్పుడు కేబుల్ పంపు వైపు కొసనీ, లివర్ నీ, పంపునీ అనుమానించాలట.

ఆ తర్వాత కూడా ఊహ మీద వెళ్లలేదు. కాళ్ల కింద మ్యాట్ తీసి అవతల పారేశారు, అది పెడల్ కింద దూరుతుందేమో అని. తర్వాత పంపు దగ్గర కేబుల్ కొసని లివర్ నుంచి విడదీసి, ఇంజను ఆపి ఉండగా లివర్ ని వేలితో లాగి వదిలారు. టక్ మని వెనక్కి వచ్చేసింది. నన్ను కూడా పిలిచి లాగమన్నారు, ఎక్కడా గరగర లేదు, ఆగడం లేదు. తర్వాత ఇంజను స్టార్ట్ చేయించి చేత్తోనే లివర్ లాగి రేస్ ఇచ్చి వదిలితే వెంటనే దిగిపోయింది, అలా వేడెక్కేదాకా చూశారు. "దీనికేటీ అవ్వలేదు, దీన్ని దించమని ఎవుడు సెప్పాడు?" అన్నారు. నాకు ఆ మాటతోనే సగం ప్రాణం లేచొచ్చింది.

ఇక కేబుల్. రెండు వైపులా విప్పి లోపలి తీగ లాగితే తిన్నగా పట్టుకున్నప్పుడు ఆడుతోంది, కొంచెం వంచితే పట్టేస్తోంది. కానీ మేస్త్రి గారు అక్కడ కూడా ఆగలేదు, కేబుల్ మార్చేసి పంపించేయొచ్చు కదా, అలా చెయ్యకుండా లోడు మీదే ఎందుకు పట్టేస్తోంది అని చూశారు. పాత కేబులే మళ్లీ తగిలించి, చక్రాలకి అడ్డు పెట్టి, బ్రేకు తొక్కిపట్టి, గేరులో క్లచ్ కొంచెం కొంచెం వదలమని కుర్రాడికి చెప్పి తను పక్క నుంచి టార్చి వేసి ఇంజను వైపే చూస్తున్నారు. నేనూ వంగి చూశా. లోడు పడేసరికి ఇంజను మొత్తం ఒక పక్కకి ఒరుగుతోంది, ఒక వైపు మౌంటింగ్ రబ్బరు అణిగిపోయి చీలిపోయి ఉంది. ఇంజను ఒరిగినప్పుడల్లా కేబుల్ వెళ్లి సైలెన్సర్ పైపుకి ఆనుకుంటోంది. కేబుల్ ని దూరంగా పట్టి ఉంచాల్సిన క్లిప్పు ఎప్పుడో ఊడిపోయింది, బోల్టు రంధ్రం ఒక్కటే ఉంది. కేబుల్ పైతొడుగు అక్కడ బొటనవేలంత మేర నల్లగా కరిగి నొక్కుకుపోయి ఉంది. ఆగి ఉన్న బండిలో రేస్ ఇచ్చి చూస్తే ఇంజను అంత ఒరగదు, కేబుల్ పైపుని తాకదు, అందుకే ఎవరు చూసినా షెడ్డులో బానే ఉండేది, రోడ్డెక్కితే పట్టేసేది.

పంపు వైపు కొసన తీగ పోగులు కొన్ని తెగి విచ్చుకున్నాయి, వాటి మీద ఎర్రటి తుప్పు. చేపల బండి కదా, ఐసు కరిగి ఉప్పునీళ్లు కారుతూనే ఉంటాయి, దానికి తోడు సముద్రపు గాలి, పోర్టు రోడ్డులో బొగ్గు ధూళి, ఇవన్నీ కలిసి తొడుగులోకి దూరితే లోపల పేస్టులా తయారవుతుంది. హార్బర్ బండ్లకి కేబుళ్లు మిగతా బండ్ల కన్నా తొందరగా పోతాయని, సర్వీసింగ్ చేయించినప్పుడల్లా కొస విప్పి చూసుకోమని చెప్పారు. కొత్త కేబుల్ లో నైలాన్ గొట్టం ఉంటే లోపల గ్రీజు పెట్టొద్దన్నారు, ధూళి అంటుకుని ఇంకా బిగుసుకుంటుందట, గ్రీజు పెడల్ పిన్ను దగ్గరే పెట్టాలి.

మార్చినవి కేబుల్, రెండు వైపులా మౌంటింగ్ రబ్బర్లు, పెడల్ బుష్షు, లివర్ స్ప్రింగు. మొదటి మెకానిక్ తగిలించిన ఆ రెండో స్ప్రింగు తీసేశారు. బిగువు ఎక్కడుందో చూడకుండా స్ప్రింగు గట్టిది వేస్తే ఆ లాగుడు అంతా కేబుల్ పోగుల మీదే పడుతుంది, ఒకరోజు దారిలో తెగిపోతుంది అన్నారు, నాకు అది వంద శాతం నిజం అనిపించింది, ఎందుకంటే పోగులు తెగింది సరిగ్గా అక్కడే. కేబుల్ ని వెడల్పు వంపుతో పైపుకి దూరంగా తిప్పి కొత్త క్లిప్పు వేశారు.

సెట్టింగ్ చేసిన తీరు కూడా చెప్పాలి. కాలు తీసినప్పుడు కేబుల్ కొంచెం లూజు ఉండాలి, లేకపోతే ఐడిలింగ్ పెరిగిపోతుంది. పెడల్ పూర్తిగా తొక్కితే పంపు మీద లివర్ ఫుల్లు స్టాపర్ కి తాకాలి, అదే సమయానికి పెడల్ కింద ఉన్న బోల్టుకి పెడల్ కూడా ఆనాలి, అప్పుడు మన కాలి బలం కేబుల్ మీద పడదు. దీని కోసం కుర్రాడు పెడల్ తొక్కుతుంటే మేస్త్రి గారు లివర్ దగ్గర కళ్లు పెట్టి చాలాసేపు తిప్పారు. ఐడిలింగ్ స్క్రూ ఒక్కటే ముట్టుకున్నారు, సీలు వేసి ఉన్న ఫుల్లు స్పీడు స్క్రూ జోలికి అసలు వెళ్లలేదు. మైలేజీ వస్తుంది పికప్ వస్తుంది అని ఆ సీలు తెంచేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇంజను పాడయ్యేది అక్కడే, అది ముట్టుకోని మేస్త్రి దొరకడం అదృష్టం.

పంపులో తేడా ఉంటే ఉందనే చెప్తారు, అన్నిటికీ కేబులే అనే మనిషి కాదు. అదే టైములో పక్కన ఇంకో 407 ఉంది, చాలాకాలం కదలకుండా నిలబెట్టేసిన బండి, దాని లివర్ లాగితే మెల్లగా జారుతూ సగంలో ఆగిపోతోంది. డీజిల్ లో నీళ్లు చేరి లోపల రాక్ తుప్పు పట్టిందని దానికి మాత్రం పంపు దించి బెంచి మీదకి ఎక్కించారు. పాత మైకో పంపు అది, ఆ కంపెనీ పేరు 2008 లో బాష్ అని మారినా ఆటోనగర్ లో ఇప్పటికీ అందరూ మైకో పంపే అంటారు. నా బండికి ఫిల్టరు కింద డ్రెయిన్ విప్పి నీళ్లు ఉన్నాయేమో అడక్కుండానే చూశారు.

ఇంకో మంచి పని చేశారు. ఇంజను ఆపడానికి లాగే స్టాపర్ ఉంటుంది కదా, అది లాగమన్నారు, అది కూడా బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. అది ఫ్రీ చేసేదాకా బండి ఇవ్వనన్నారు. పాత 407 తోలేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి, ఈ బండ్లలో తాళం తిప్పేస్తే ఇంజను ఆగదు, స్టాపర్ లాగి పంపులో డీజిల్ కట్ చేస్తేనే ఆగుతుంది. రేస్ పట్టేస్తే బ్రేకు గట్టిగా ఒకేసారి తొక్కి పట్టుకోండి, పంపింగ్ చెయ్యొద్దు, క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి పక్కకి తీసుకోండి, ఇంజను ఎంత అరిచినా గవర్నర్ పని చేస్తున్నంతవరకు ఒక స్పీడు దాటనివ్వదు, బండి ఆగాక స్టాపర్ లాగండి. నడుస్తుండగా ఇంజను ఆపేస్తే బ్రేకుకి వ్యాక్యూమ్ ఒకట్రెండు తొక్కుళ్లకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయి.

మొత్తం సామాన్లు, లేబరు కలిపి మూడు వేల లోపే అయింది, అదే రోజు సాయంత్రం బండి ఇచ్చేశారు. ఊరికే చూసి చెప్పినా డబ్బులు తీసుకుంటారు, కొంతమంది దానికి గొడవపడతారు గానీ నా దృష్టిలో ఆ చూసి చెప్పడానికే ఇక్కడికి రావాలి. ఇచ్చేముందు తనే పక్కన కూర్చుని లోడు బండితోనే ట్రయల్ కి వచ్చారు, ఖాళీ బండి ట్రయల్ ఏం ట్రయలు అన్నారు. ఆ తర్వాత వానల్లో కూడా తోలా, మళ్లీ ఒక్కసారి కూడా పట్టెయ్యలేదు, పెడల్ తేలికైంది.

బాగోని విషయాలూ ఉన్నాయి. కూర్చోడానికి చోటు లేదు, ఎండలో నిలబడాలి. పని తొందరగా అవ్వదు, ఒక బండి పూర్తయ్యేదాకా ఇంకోటి ముట్టుకోరు, ముందు మూడు బండ్లు ఉంటే ఆ రోజుకి మీకు అవకాశం లేనట్టే. ఫోన్ ఎత్తరు. బిల్లు కాగితం అడిగితే చిన్న స్లిప్పు మీద రాసిస్తారు, ట్రాన్స్ పోర్టు కంపెనీ లెక్కలకి అది పనికిరాదు, ఈ ఒక్కటి మార్చుకుంటే బాగుంటుంది. ఫోన్ పే ఉంది.

వెళ్లేవాళ్లు పొద్దున్నే షాపు తెరిచే టైముకి వెళ్లండి, ఆదివారం ఉండదు. కుదిరితే లోడు దింపకుండా వేడి మీదే తీసుకెళ్లండి, తేడా అక్కడే కనబడాలి కాబట్టి. డ్రైవర్ని పెట్టి పంపించే ఓనర్లు ఆ డ్రైవర్ నే షాపులో ఉండమనండి, మేస్త్రి గారు అడిగేవన్నీ తోలే మనిషికే తెలుస్తాయి. కామన్ రైల్ బండ్లు, అంటే కంప్యూటర్ తో డీజిల్ కొట్టే కొత్త రకం, స్కానర్ పెట్టాల్సినవి మాత్రం ఇక్కడికి తీసుకెళ్లొద్దు, అవి చెయ్యనని ఆయనే చెప్పేస్తారు.