180 గ్రాముల రికార్డు, దాని అట్ట: కోనసీమ తేమలో కొన్నేళ్లు వాడాక

కొత్తగా వస్తున్న వినైల్ రికార్డుల మీద "180 గ్రాములు" అని పెద్ద అక్షరాలతో ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. కొనేవాడి కన్ను ముందు దాని మీదే పడుతుంది. అమలాపురంలో ఉంటూ, హైదరాబాద్ నుంచీ ముంబయి నుంచీ కొరియర్‌లో వీటిని తెప్పించుకుని కొన్నేళ్లుగా వింటున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. ఆ 180 గ్రాముల కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టక్కర్లేదు. చూసుకోవాల్సింది రికార్డు చుట్టూ ఉన్న కాగితం, ప్లాస్టిక్, అట్ట. మా వైపు గాలికి రికార్డు బాగుండాలన్నా పాడవ్వాలన్నా వాటి చేతుల్లోనే ఉంది.

ముందు బరువు సంగతి. మామూలు పన్నెండు అంగుళాల ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) 120 నుంచి 140 గ్రాములు తూగుతుంది. 180 గ్రాములది చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసిపోతుంది, కాదనను. వంగదు, ఊగదు. మూడు వేలు పోసి కొన్నందుకు ఏదో చేతికొచ్చిందన్న తృప్తి కూడా ఉంటుంది. కానీ మందం లెక్క వేసి చూడండి. 140 గ్రాముల రికార్డు సగటున మిల్లీమీటరున్నర లోపు. 180 గ్రాములది 1.8 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మధ్య తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. ఇక పాట దాగున్న గాడి లోతు మిల్లీమీటరులో సుమారు ముప్ఫయ్యో వంతు. ఆ గాడిని మొదట కోసేది లాకర్ అనే వార్నిష్ లాంటి పూత వేసిన అల్యూమినియం పలక మీద. దాన్నుంచి లోహపు అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి పీవీసీ ముద్ద (వినైల్ అంటే ఈ ప్లాస్టిక్కే) పెట్టి నొక్కుతారు. ముద్ద కాస్త ఎక్కువ పెట్టినంత మాత్రాన గాడి లోతు పెరగదు, గొంతు మారదు.

బాగా మోగాలంటే మాస్టర్, అంటే మూలమైన రికార్డింగ్, బాగుండాలి, కోసినవాడికి చెవి ఉండాలి, అచ్చు అరిగిపోకూడదు, నొక్కాక చల్లారేదాకా ఆగాలి. ఈ చివరిదాంట్లో మందపు రికార్డుకే ఇబ్బంది ఎక్కువ. ఎక్కువ పీవీసీ అంటే చల్లారడానికి ఎక్కువ సమయం. ఆర్డర్లు మీద పడి తొందరగా తీసేస్తే అది వంకర తిరుగుతుంది. నా దగ్గర ఒక 180 గ్రాముల రికార్డు ఉంది. సీలు నేనే విప్పాను. మొదటి రోజే టర్న్‌టేబుల్ మీద అంచు లేస్తూ పడుతూ తిరిగింది, ముల్లు దానితో పాటు ఊగింది. పలచని రికార్డు వంగితే రెండు గాజు పలకల మధ్య కొన్నాళ్లు పెట్టి కొంతైనా దారికి తేవచ్చు. మందంగా ఉన్నది మాట వినదు.

స్టిక్కర్‌ని నమ్మలేక మా వీధిలో కంసాలి గారి కాటా మీద కొన్నింటిని తూయించాను. 180 అని రాసి ఉన్నవాటిలో 170కి దగ్గరగా ఆగినవి ఉన్నాయి, 190 దాటినవీ ఉన్నాయి. ఏ మాటా రాయకుండా వచ్చిన ఒక రికార్డు 150 తూగింది. నా అలమరలో అన్నిటికన్నా నిశ్శబ్దంగా తిరిగేది అదే.

మందం వల్ల టోన్‌ఆర్మ్ (ముల్లుని మోసే కడ్డీ) ఎత్తు మార్చుకోవాలని కొందరు టెన్షన్ పడతారు. అర మిల్లీమీటరు కన్నా తక్కువ తేడాకి, ఇరవై మూడు సెంటీమీటర్ల ఆర్మ్ మీద కోణం మారేది డిగ్రీలో పదో వంతు. రికార్డు మారినప్పుడల్లా స్క్రూ డ్రైవర్ పట్టుకునేవాళ్లకి నా నమస్కారం. నేను మధ్యస్థంగా ఒకచోట బిగించి వదిలేశాను.

బరువే గొప్పతనం అయితే మన పాత 78లే (నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు) అన్నిటికన్నా గొప్పవి అవ్వాలి. వాటిని చేసింది షెల్లాక్‌తో, అంటే మన అడవుల్లో దొరికే లక్కతో. పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు పాడేది, చెయ్యి జారితే ముక్కలయ్యేది. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ తెచ్చాక వినైల్ రాజ్యం మొదలైంది. పలచదనంలో ఇంకో కొసకి పోయింది ఆర్‌సీఏ అనే అమెరికా కంపెనీ. డైనాఫ్లెక్స్ అని పేరు పెట్టి, రెండు చేతుల్తో పట్టుకుంటే ఆత్రేయపురం పూతరేకులా వంగే రికార్డులు తీసింది. 1973 చమురు సంక్షోభం తర్వాత పీవీసీ ఖరీదై, చాలా కంపెనీలు రికార్డులను పలచన చేశాయి, పాత ప్లాస్టిక్ కలిపాయి. పలచనిది అంటే నాసిరకం అన్న అభిప్రాయం ఆ రోజుల్లోనే నాటుకుపోయి ఉంటుందని నా అనుమానం. ఇప్పటి స్టిక్కర్ దాని మీదే బతుకుతోంది.

మా మావయ్యకి పాలకొల్లు దగ్గర మైకు సెట్టు ఉండేది. పెళ్లిళ్లకీ తీర్థాలకీ రికార్డులు వేసేవాడు. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో నొక్కిన ఎల్పీలు, చిన్న ఈపీలు ఒక ట్రంకు పెట్టె నిండా నాకు ఇచ్చాడు. మొన్నామధ్య మా ఇంటికొచ్చి కొత్త రికార్డు మీద స్టిక్కర్ చదివి, "ఏరా, పాటలు ఇప్పుడు తూకానికి అమ్ముతున్నారా?" అన్నాడు. ఆయన ఇచ్చిన ఘంటసాల ఎల్పీ 130 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. ఎన్ని పందిళ్లలో తిరిగిందో తెలీదు. గీతలున్నాయి, చిటపటలున్నాయి, కానీ బల్ల మీద పెడితే సమంగా ఆనుతుంది. కాకపోతే దాని అట్ట మాత్రం బొద్దింకల పాలైంది. అంచుల్లో జిగురు ఉన్నంత మేరా కొరికేశాయి.

ఇక అసలు విషయం అట్టలు, కవర్లు. ఇక్కడ కొత్త రికార్డుల మీద నా ఫిర్యాదులు చాలా ఉన్నాయి.

అన్నిటికన్నా ఎక్కువ మంట పుట్టించేది అట్ట కుట్టు, అంటే అంచుల దగ్గర అతుకు, పగలడం. దీనికీ బరువుకీ నేరుగా సంబంధం ఉంది. పార్సిల్ లారీలో రావులపాలెం మీదుగా గతుకుల్లో వచ్చేటప్పుడు రికార్డు అట్ట లోపల అటూ ఇటూ జారుతుంది. అంచు ముందు కాగితపు లోపలి కవరుని కోస్తుంది, ఆ తర్వాత అట్ట పైకుట్టునో అడుగుకుట్టునో లోపలి నుంచి పొడుస్తుంది. 180 గ్రాములది ఆ దెబ్బ ఇంకా గట్టిగా వేస్తుంది. సీలు విప్పకుండానే ప్లాస్టిక్ కింద రెండు అంగుళాల చీలిక కనిపించిన రికార్డు నాకు వచ్చింది. వాపసు అడిగితే అమ్మినవాళ్లు "సీలు అలాగే ఉంది కదండీ" అన్నారు. సీలు తెగలేదు, అట్ట తెగింది! అప్పటినుంచీ ఆర్డర్ పెట్టేటప్పుడే ఒక ముక్క రాస్తున్నాను: సీలు విప్పేసి, రికార్డును లోపలి కవరుతో సహా అట్ట బయట పెట్టి పంపండి అని. సీలు విప్పితే విలువ పోతుందనేవాళ్లు అద్దాల బీరువాలో దాచుకోవడానికి కొంటారు, వాళ్ల సంగతి వేరు. ఈ పద్ధతి మొదలెట్టాక కుట్టు పగిలిన అట్ట మళ్లీ రాలేదు. తెచ్చిచ్చే కొరియర్ అబ్బాయి మాత్రం ఇప్పటికీ రెండు చేతుల్తో పట్టుకుని, "ఆయ్, అద్దమేమోనండీ" అంటూ దించుతాడు. అద్దమే అని చెప్పి ఊరుకుంటాను, జాగ్రత్తగా తెస్తాడు.

లోపలి కవర్ల దగ్గర కంపెనీల పిసినారితనం బయటపడుతుంది. స్టిక్కర్ మీద అంత గొప్ప, లోపల చూస్తే బొమ్మలు అచ్చేసిన బిరుసు అట్ట కవరు. అందులోంచి రికార్డు లాగుతుంటే గరగరమని చప్పుడు వస్తుంది. వెలుతురుకి పట్టి చూస్తే కొత్త రికార్డు మీదే సన్నని గీరలు, గాడుల్లో కాగితపు నుసి. చాలా గీరలు వినపడవు కానీ నుసి వినపడుతుంది, ఆ చిటపట మొదటిసారి నుంచే ఉంటుంది. దీనికన్నా పలచని ప్లాస్టిక్ లైనింగ్ ఉన్న కాగితపు కవరు ఎంతో మేలు. అన్నిటికన్నా మేలైనది హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌తో చేసిన మెత్తటి కవరు. దాన్ని రైస్ పేపర్ కవరు అంటారు గానీ అందులో బియ్యమూ లేదు, కాగితమూ తక్కువే. కొత్త రికార్డు ఏది వచ్చినా నేను ముందు చేసే పని దాన్ని ఈ కవరులోకి మార్చడం. బొమ్మల కవరుని ఖాళీగా అట్టలోనే ఉంచుతాను, పాటల సాహిత్యం దాని మీదే ఉంటుంది కాబట్టి.

డెల్టాలో మామూలు కాగితపు కవరుకి ఇంకో జబ్బుంది. శ్రావణంలో ముసురు పట్టిందంటే వారం రోజులు గోడలు చెమ్మగానే ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద హెచ్చరిక ఇచ్చే రోజుల్లో మా ఇంట్లో బట్టలకే బూజు వాసన వస్తుంది. కాగితం ఆ చెమ్మని పీల్చి పెట్టుకుంటుంది. బూజు ముందు కాగితం మీద తెల్లటి చుక్కలుగా వస్తుంది, తర్వాత రికార్డు మీదికి పాకుతుంది. వినైల్‌ని అది తినదు గానీ గాడుల్లో కూర్చుంటుంది, ముల్లు కింద సన్నగా బుసకొడుతుంది. కడగడానికి బోరు నీళ్లు పనికిరావు. మా నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక గాడుల్లో తెల్లగా మిగులుతుంది. బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కడుగుతాను, చివర్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. పాత 78ల దగ్గరికి మాత్రం ఆల్కహాల్ రానివ్వకండి, లక్క కరిగిపోతుంది.

తేమ వల్ల ఒక లాభం ఉందని ఒప్పుకోవాలి. స్టాటిక్ (రాపిడికి పుట్టే విద్యుత్తు) గొడవ మాకు తక్కువ. హైదరాబాద్‌లో స్నేహితుడి ఏసీ గదిలో అవే రికార్డులు దుమ్ముని అయస్కాంతంలా లాగుతుంటే, అమలాపురంలో సంక్రాంతి చలిరోజుల్లో తప్ప నాకు ఆ బాధ కనపడలేదు.

ఎండాకాలంలో పగ సీలు కవరుది. రికార్డు కొన్న రోజు మీద బిగించి ఉండే ఆ పలచని ప్లాస్టిక్ వేడికి ఇంకా ముడుచుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అట్ట ఎంత? మూలలు లోపలికి వంగుతాయి, అట్టతో పాటు లోపల రికార్డూ వంగుతుంది. ఒకవైపు చీల్చి సీలుని అలాగే ఉంచుకునే అలవాటు చాలామందికి ఉంది. మన ఎండలకి అది పనికిరాదు, మొత్తం పీకేయాలి. స్టిక్కర్ మీద ప్రేమ ఉంటే కత్తిరించి అట్ట లోపల వేసుకోండి. ఎండలో నిలబెట్టిన కారులో మాత్రం ఏ రికార్డునీ వదలకండి. 180 అయినా 120 అయినా మెత్తబడే వేడి ఒకటే, రెండూ వంకర తిరుగుతాయి.

బయటి కవరు కొనేటప్పుడు మెత్తగా, మందంగా, అద్దంలా మెరిసే పీవీసీ కవర్లకి మోసపోకండి. పీవీసీని మెత్తబరచడానికి కలిపే పదార్థం వేడికి, తేమకి మెల్లగా బయటికి వస్తుంది. అట్టకి అతుక్కుంటుంది. రికార్డుకి నేరుగా తగిలితే దాని మీద మబ్బులాంటి మరక వేస్తుంది, ఎంత కడిగినా పోదు. మావయ్య ట్రంకు పెట్టెలో ఒక ఈపీ అలాగే పోయింది. నలిపితే కరకరమనే పాలీప్రొపిలీన్ కవరు తీసుకోండి, లేదా కాస్త మసకగా ఉండే పాలిథీన్. పైమూతి మూసి ఉండేవి మాకు వద్దు, తేమ లోపలే ఉండిపోతుంది.

గేట్‌ఫోల్డ్ అట్టల మీద నాకు రెండు మనసులు. పుస్తకంలా తెరిస్తే అడుగు వెడల్పు బొమ్మలు రెండు పక్కపక్కన, వింటూ చూసుకోవడానికి ఎంతో బాగుంటుంది. మందపాటి బూడిదరంగు అట్టకి బొమ్మ కాగితం విడిగా అతికించే పాత పద్ధతి అట్టలు ఇప్పుడు మళ్లీ కొన్ని వస్తున్నాయి, వాటి అంచులు నిజంగా గట్టివి. అయితే బరువు బీరువా మీద పడుతుంది. రికార్డు 180, అట్ట, లోపలి కవర్లు అన్నీ కలిపితే ఒక్కోటి 350 గ్రాములు సులువుగా దాటుతుంది. అంటే వంద రికార్డులు 35 కిలోలు. మా వడ్రంగి మేస్త్రి పుస్తకాలకనుకుని వేసిన ప్లైవుడ్ అర మధ్యలో కిందికి దిగింది. దానికి టేకు దన్ను వేయించాను. అన్నిటికన్నా కింది అర ఖాళీగానే ఉంచుతున్నాను, వానాకాలంలో నేల చెమ్మ ముందు అక్కడికే ఎక్కుతుంది. రికార్డుల్ని నిలువుగా, మరీ బిగించకుండా పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగున ఉన్నదాని గతి చెప్పక్కర్లేదు.

ఒకే ఆల్బమ్‌ని రెండు రికార్డుల మీద నిమిషానికి 45 చుట్ల వేగంతో వేసి రెట్టింపు ధర అడగడం ఇంకో ఫ్యాషన్. ఇందులో మాత్రం లాభం నిజమే. గాడి ముల్లు కింద వేగంగా పోతుంది కాబట్టి, లోపలి చుట్ల దగ్గర గొంతు నలిగిపోవడం తగ్గుతుంది. నా చెవికి ఆ తేడా తెలుస్తుంది. కానీ పది, పన్నెండు నిమిషాలకోసారి లేచి తిప్పాలి. అన్నం తిన్నాక వాలుకుర్చీలో కూర్చుని వినే నాలాంటివాడికి అది శిక్ష. వాటిలో రెండు మూడు ఉంచుకుని మిగతావి కాకినాడలో ఒక కుర్రాడికి ఇచ్చేశాను. అతను లేచి తిప్పడమే సరదా అంటాడు.

ఇప్పుడు కొనేటప్పుడు బరువు స్టిక్కర్ చూడటం మానేశాను. మాస్టరింగ్ ఎవరు చేశారు, లోపలి కవరు ఏది, అమ్మేవాడు అట్ట బయట పెట్టి పంపుతాడా, ఈ మూడే అడుగుతున్నాను. 140 గ్రాముల రికార్డు, లైనింగ్ ఉన్న కవరు, మామూలు ఒంటి అట్ట ఉన్నది దొరికితే దానికే ఓటు. అలాంటి రికార్డులు సాధారణంగా కాస్త తక్కువకే వస్తున్నాయి. ఆ మిగిలిన డబ్బుతో హెచ్‌డీపీఈ కవర్ల ప్యాకెట్ ఒకటి వస్తుంది.