వంశవృక్షం చేయించుకుంటున్నారా? ఇద్దరు అప్పలస్వాములను ఒక్కరిని చేసి నా దగ్గర 20 వేలు తీసుకున్నారు

శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళెవరైనా డబ్బిచ్చి వంశవృక్షం చేయించుకుందామని చూస్తుంటే, అడ్వాన్స్ పంపే ముందు ఇది చదవండి. నాకు 20 వేలు పోయాయి. అది అలా ఉంచితే, సంక్రాంతి నాడు చుట్టాలందరి ముందూ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వాళ్ళ పేరు రాయను. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి నంబర్ చేరితే పనులు ఒప్పుకునే బాపతు. ఇవాళ పేరు రాస్తే రేపు ఇంకో పేరుతో వస్తారు. పని తీరు తెలిస్తే మీరే పట్టుకోగలరు.

మా ఊరు రాజాం దగ్గర. మేం కదల్లేదు గానీ జిల్లాలు కదిలాయి. 1950 దాకా విశాఖపట్నం జిల్లా, ఆ తరవాత శ్రీకాకుళం, 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం. పాత కాగితం వెతకాలంటే ఏ ఆఫీసుకి వెళ్ళాలో తేలడానికే వారం పడుతుంది. ఉద్యోగం వదులుకుని అదంతా తిరగలేక వీళ్ళకి అప్పజెప్పాను. "1802 నుంచి మీ కుటుంబం రికార్డులు తీస్తాం సార్" అన్నారు. నేను నమ్మాను. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చినప్పుడు సర్కారు రాసుకున్నది జమీందారు కట్టాల్సిన పేష్కష్, అంటే సర్కారుకి కట్టే కప్పం. ఏ రైతు ఎంత సాగు చేస్తున్నాడన్న లెక్కలు జమీందారు కచేరీలోనే ఉండేవి. మాలాంటి బొబ్బిలి జమీందారీ ఊళ్ళలో రైతుల పేర్లు ఎక్కువగా సర్కారు పుస్తకాల్లోకి ఎక్కింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాక జరిగిన భూముల సెటిల్‌మెంట్‌లోనే. ఈ సంగతి నేను తరవాత తెలుసుకున్నాను. మీరు ముందే తెలుసుకోండి.

అసలు గొడవ మా ముత్తాతతో వచ్చింది. ఆయన పేరు అప్పలస్వామి అనుకోండి. మన వైపు పేర్ల సంగతి తెలిసిందే కదా. సింహాద్రి అప్పన్న పేరున అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనరసయ్య. పైడితల్లమ్మ పేరున పైడిరాజు. అరసవల్లి దేవుడి పేరున సూర్యనారాయణ. శ్రీకూర్మం మొక్కు ఉంటే కూర్మారావు. వీధిలో నిలబడి "అప్పలస్వామీ" అని కేకేస్తే నలుగురు వెనక్కి చూస్తారు. దానికి తోడు పెద్దకొడుక్కి తాత పేరు పెట్టే ఆనవాయితీ ఒకటి.

ఈ ఆనవాయితీ ఎలా ముంచుతుందో చూడండి. మా ముత్తాతకి తాత పేరూ అప్పలస్వామే. ఆ పెద్దాయనకి ఇద్దరు కొడుకులు, సింహాచలం, రాములు. ఇద్దరూ తమ పెద్దకొడుక్కి తండ్రి పేరే పెట్టుకున్నారు. అంటే ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో, ఒకే గోత్రంతో, ఇంచుమించు ఒకే వయసు అప్పలస్వాములు ఇద్దరు. తండ్రి పేరు చూస్తే తేలిపోతుంది అంటారా? సగమే తేలుతుంది. మా ముత్తాత సింహాచలం కొడుకు. ఆయన తన కొడుక్కి, అంటే మా తాతకి, మళ్ళీ సింహాచలం అని పెట్టాడు. మా తాత తన పెద్దకొడుక్కి, అంటే మా పెదనాన్నకి, మళ్ళీ అప్పలస్వామి అని పెట్టాడు. కాగితం మీద "సింహాచలం కుమారుడు అప్పలస్వామి" అని కనిపిస్తే అది మా ముత్తాతా, మా పెదనాన్నా? సంవత్సరం చూడకపోతే ఎవరూ చెప్పలేరు.

ఊళ్ళో జనానికి ఈ తికమక ఎప్పుడూ లేదు. మా ముత్తాత రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి ఏళ్ళ తరబడి పనిచేసి, జపాను వాళ్ళు బర్మా మీద పడ్డాక 1942లో అందరితోపాటు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చాడు. ఆయన "రంగం అప్పలస్వామి". రెండో ఆయన ఇల్లు చెరువు పక్కన. ఆయన "గట్టు అప్పలస్వామి". అయితే దస్తావేజు రాసే లేఖరికి ఈ ముద్దుపేర్లతో పని లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని చార్ట్ గీసే కుర్రాడికి అసలే లేదు.

పండక్కి ఫ్లెక్స్ వేయించి, పెద్దలకు బట్టలు పెట్టుకునే గదిలో గోడకి కట్టాను. రంగులూ, కొమ్మలూ, ఆకులూ, పైన వినాయకుడి బొమ్మ. మా మేనత్తకి 80 దాటాయి, చదువు రాదు. పేర్లు ఒక్కొక్కటీ చదివి వినిపించమంది. ముత్తాత పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఏడు పేర్లున్నాయి.

"మా తాతకి ఒక్క మగపిల్లడూ ఇద్దరు ఆడపిల్లలూను. ఈ నలుగురూ ఎవులురా?" అంది.

నేను చార్ట్ వైపు చూశాను. చుట్టాలు నా వైపు చూశారు. "ఇందులో మా అమ్మమ్మగారి పేరుందేటి?" అని ఒక పిల్ల అడిగింది. ఏడు తరాల చార్ట్‌లో ఆడవాళ్ళ పేర్లు మూడో నాలుగో ఉన్నాయి, అంతే.

పండగ అయ్యాక నేనే కూర్చుని చూశాను. ముత్తాత పేరు కింద వాళ్ళు మూడు దస్తావేజు నంబర్లు వేశారు. అందులో 1931 నాటి విక్రయ దస్తావేజుకి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి నకలు తీయించాను. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) 1983 నుంచే వస్తుంది, అంతకుముందువి ఆఫీసుకి వెళ్ళి వెతికించుకోవాల్సిందే. నకలు చేతికొచ్చాక రెండు నిమిషాల్లో సంగతి తేలిపోయింది. అమ్మినవారు "రాములు కుమారుడు అప్పలస్వామి". చెక్కుబందీలో, అంటే పొలం హద్దుల్లో, తూర్పున చెరువు గట్టు. చివర "అప్పలస్వామి నిశానీ" అని ఉంది. అంటే ఆయన సంతకం రాక వేలిముద్ర వేసిన మనిషి. మా ముత్తాతకి రాయడం వచ్చు. అత్త ట్రంకు పెట్టెలో ఆయన రంగం నుంచి రాసిన కార్డు ఇంకా ఉంది, కింద చేవ్రాలుతో సహా. దాని మీద ఏడాది కూడా 1931. ఇక్కడ పొలం అమ్ముతూ, అక్కడి నుంచి కార్డు రాస్తూ ఒకే మనిషి ఉండడు కదా.

మూడింట్లో ఇంకోటి 1961ది. మా ముత్తాత పోయింది 1954లో. అది మా పెదనాన్న పెళ్ళికి ముందు చేసిన తనఖా!

ఫోన్ చేసి తండ్రి పేరు తేడా ఉంది కదా అంటే, "పాత రికార్డుల్లో తప్పులు పడతాయి సార్, సర్దుకోవాలి" అన్నాడు. అక్కడే ఒళ్ళు మండింది. చార్ట్‌కి నప్పని కాగితాన్ని తప్పు అనడం వాళ్ళ పద్ధతి. డబ్బు వెనక్కి ఇమ్మంటే, పీడీఎఫ్ పంపినప్పుడు నేను ఓకే చేశానని స్క్రీన్‌షాట్ పంపాడు. నిజమే, బండి మీద ఉండి సరిగ్గా చూడకుండా బొటనవేలు బొమ్మ పెట్టాను. మా ముత్తాత ఏనాడూ నిశానీ పెట్టలేదు, చదువుకున్న మునిమనవడు పెట్టాడు.

చార్ట్ పై కొమ్మలో "బొబ్బిలి యుద్ధవీరుడు అప్పలస్వామి" అని ఇంకో ఆయన్ని కూడా కూర్చోబెట్టారు. రాజాం అనగానే తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడని వాళ్ళకి తెలుసు. బొబ్బిలి కోట పడింది 1757 జనవరిలో. మా ముత్తాత పుట్టింది 1890 ప్రాంతంలో. మధ్యలో 130 ఏళ్ళు, వీళ్ళు చూపించినవి రెండు తరాలు. తరానికి పాతికేళ్ళు వేసుకున్నా లెక్క కుదరదు. నిజం చెప్పాలంటే అది చూసి మొదట నేనూ పొంగిపోయాను. మీ చార్ట్‌లో కూడా ఇలాంటి వీరుడు కనిపిస్తే ముందు ఏళ్ళు లెక్కపెట్టండి.

ఇది సరదా వ్యవహారమేమీ కాదు. గట్టు అప్పలస్వామి మునిమనవడొకాయన ఫ్లెక్స్ ఫొటో చూసి, "మా తాతా మీ తాతా అన్నదమ్ములే అయితే ఆ మెరక పొలంలో మాకూ వాటా రావాలి కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మా చిన్నాన్న మాత్రం నవ్వలేదు. ఇలాంటి ప్రైవేటు చార్ట్ ఏ ఆఫీసులోనూ చెల్లదు, అయినా ఊళ్ళో మాట పుట్టించడానికి చాలు.

ఎవరికైనా పని ఇస్తే ఒక్కో పేరు పక్కన అది ఏ కాగితంలోంచి వచ్చిందో రాసివ్వమని ముందే ఒప్పించుకోండి. ఆ మాటకే సగం మంది జారుకుంటారు. ఆడవాళ్ళ పేర్లూ, వాళ్ళ కన్నవారి ఊళ్ళూ అడగండి. మగవాళ్ళ పేర్లు తిరిగి తిరిగి అవే వస్తాయి గానీ, ఇద్దరు అప్పలస్వాముల భార్యలదీ ఒకే పేరూ ఒకే ఊరూ కావడం అరుదు. మేనరికాలున్న ఇళ్ళలో మాత్రం అదీ జాగ్రత్తగా చూడాలి. తర్పణాలు వదిలే ఇళ్ళలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు నోటికి ఉంటాయి, వాటిని రాసి పెట్టుకోండి. మీ వాళ్ళెవరైనా గయ వెళ్ళి ఉంటే అక్కడి పండాల (పిండాలు పెట్టించే పూజారుల) పుస్తకాల్లో ఊరి పేరుతో సహా దొరకొచ్చు. వీటన్నిటికన్నా ముందు, ఇంట్లో 80 దాటిన వాళ్ళ దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చోండి. నేను ఆ పని పండక్కి ముందు చేసి ఉంటే 20 వేలు మిగిలేవి. అత్త ఫీజు రెండు తమలపాకులూ ఒక వక్కా.

ఫ్లెక్స్ ఇప్పుడు కళ్ళంలో ధాన్యం బస్తాల మీద కప్పి ఉంది. మందంగా ఉంది, ఆ ఒక్కటీ మెచ్చుకోవాలి.

ఇంతకీ ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, గట్టు అప్పలస్వామి వాళ్ళ వైపు తమ్ముడు ఒకడు మొన్న ఫోన్ చేశాడు. వాడికీ ఆ నంబర్ నుంచే మెసేజ్ వచ్చిందట, "మీ వంశవృక్షం ఆల్రెడీ రెడీగా ఉంది సార్, 12 వేలు" అని. శాంపిల్ నాకు పంపాడు. మా చార్టే. మా అత్త పేరులో వాళ్ళు పెట్టిన అచ్చుతప్పు కూడా అలాగే ఉంది.