గుంటూరు పార్కులో నవ్వుల క్లబ్బు: నెలకు 200, నాలుగు నెలల అనుభవం

ముందే చెప్తున్నా, నేను మిర్చి యార్డు మనిషిని. ఒక కమీషన్ కొట్లో పద్దులు రాసే గుమాస్తాని, 19 ఏళ్లుగా అదే కొట్టు, అదే బల్ల. సీజన్‌లో పొద్దున ఏడున్నరకి కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేస్తే గొప్ప. మా దగ్గర ఎవరైనా కళ్లనీళ్లు తుడుచుకుంటూ, భుజాలు ఎగరేస్తూ కనిపిస్తే అది నవ్వు కాదు, ఘాటు. అలాంటివాణ్ని పట్టుకుని "పార్కులో నవ్వుల క్లబ్బు పెట్టారంట, వెళ్లి రండి" అని మా ఆవిడ అంటే నాకు అప్పుడే సగం నవ్వొచ్చింది. ఆమె బాధ వేరేలెండి. జనవరిలో బీపీ చూపించుకుంటే ఎక్కువుందన్నారు. డాక్టరుగారు మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమన్నారు, నడవమన్నారు, టెన్షన్ పెట్టుకోవద్దన్నారు. మొదటి రెండూ మన చేతిలో పని. మూడోది ఫిబ్రవరి నెల్లో మిర్చి యార్డులో ఎక్కడ దొరుకుతుందో ఆయనకే తెలియాలి.

క్లబ్బు మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న మున్సిపల్ పార్కులో. పొద్దున 5:45 నుంచి 6:25 దాకా, ఆదివారం కూడా ఉంటుంది. నెలకు 200 రూపాయలు, మొదటి మూడు రోజులు ఉచితం. పాతిక ముప్ఫైమంది వస్తారు, అరవై దాటినవాళ్లే ఎక్కువ, అందులోనూ ఆడవాళ్లు సగానికి పైనే. నడిపేది ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. పార్కంతా వినిపించే గొంతున్నా చేతిలో మైకు ఉంటుంది, ఎందుకో అర్థం కాదు.

మొదటి రోజు ఘోరం. నేను ఏదో జోకులు చెప్తారనుకుని వెళ్లాను. జోకుల్లేవు. చప్పట్లు కొడుతూ "హో హో, హా హా హా" అని ఐదు నిమిషాలు తిరగాలి. తర్వాత ఎదురైన ప్రతి మనిషికీ నమస్కారం పెట్టి కళ్లలోకి చూసి నవ్వాలి. తర్వాత మజ్జిగ నవ్వు: రెండు చేతుల్లో రెండు గ్లాసులున్నట్టు ఊహించుకుని ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి "ఏఏఏ" అంటూ పోసి, మళ్లీ ఇటు పోసి, తల పైకెత్తి గటగటా తాగినట్టు చేసి పగలబడి నవ్వడం. ఫోను నవ్వు: చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అవతలివాడు ఏదో చెప్పినట్టు నవ్వడం. సింహం నవ్వు అయితే నాలుక మొత్తం బయటపెట్టి, కళ్లు పెద్దవి చేసి, రెండు పంజాలూ చూపిస్తూ పొట్టలోంచి నవ్వాలి. నేను సిగ్గుతో చెట్టు పక్కకి జరిగిపోయాను. మాస్టారు మైకులోనే "కొత్త బాబూ, చెట్టు నవ్వదు, ఇటు రా" అన్నారు.

అప్పుడే మా పక్కాయన నవ్వు విన్నాను. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారట. నవ్వితే పాత బజాజ్ చేతక్‌ని పక్కకి వంచి కిక్కు కొడుతున్నట్టు ఉంటుంది, గుర్ర్ర్ మని మొదలై స్టార్టు కాకుండానే ఆగిపోతుంది, మళ్లీ ఇంకో కిక్కు. మూడో కిక్కుకి నాకు తెలియకుండానే నిజం నవ్వు వచ్చేసింది, దాన్ని చూసి ఆయనకి ఇంజను పట్టుకుంది, మా ఇద్దర్నీ చూసి ముందు వరసలో ఇద్దరు పెద్దావిడలు కూర్చుండిపోయారు. ఏం జోకు వేశారని ఎవరైనా అడిగితే చెప్పడానికేమీ లేదు.

టీ తాగేటప్పుడు మాస్టారుగారు చెప్పిన సంగతి ఇది, తర్వాత నేనూ చూసుకున్నాను, నిజమే. ఈ పద్ధతి మొదలైంది ముంబైలో. మదన్ కటారియా అనే డాక్టరు 1995 మార్చి 13న ఒక పార్కులో ఐదుగురితో మొదలుపెట్టారు. మొదట్లో అందరూ మధ్యలో నిలబడి జోకులే చెప్పుకునేవాళ్లు. రెండు వారాలకి మంచి జోకుల స్టాకు అయిపోయింది, బూతు జోకులూ, ఒకళ్లని కించపరిచే జోకులూ మొదలయ్యాయి, కొంతమంది మానేస్తామన్నారు. అప్పుడాయన జోకుని పూర్తిగా తీసేసి, ఊరికే నవ్వడం మొదలుపెడితే తర్వాత ఒకరిని చూసి ఒకరికి అదే అంటుకుంటుందని గమనించారు. ఆయన భార్య మాధురి యోగా టీచరు, దాంతో ఊపిరి కసరత్తులు కూడా కలిశాయి. ఏటా మే నెల మొదటి ఆదివారం ప్రపంచ నవ్వుల దినోత్సవం అంటున్నది కూడా ఆయన పెట్టిందే. రాబర్ట్ ప్రొవైన్ అని అమెరికాలో ఒక ఆచార్యుడు జనం ఎప్పుడెప్పుడు నవ్వుతున్నారో కూర్చుని లెక్కపెట్టారు. మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడనీ, ఆ నవ్వుల్లో ఎక్కువ భాగం జోకులకి కాదు, "సరే మళ్లీ కలుద్దాం" లాంటి మామూలు మాటలకేననీ ఆయన తేల్చింది. చేతక్ నవ్వు విన్నాక నాకు ఈ లెక్క మీద అనుమానం లేదు. ఇంట్లో ఫోన్లో కామెడీ బిట్లు ఎన్ని చూసినా ముక్కులోంచి ఒక ఫుస్ మని గాలి వస్తుందంతే, చూడండి కావాలంటే.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నాకు నచ్చంది వీళ్ల ఫ్లెక్సీ. పార్కు గేటు పక్కన కట్టారు, నవ్వితే షుగర్ పోతుంది, బీపీ పోతుంది, గుండెపోటు రాదు, ఇంకా ఏవేవో. ఒకాయన నాతో సూటిగా అన్నాడు, "మాత్రలెందుకు సార్, నేను ఆపేశాను" అని. నాకు మండిపోయింది. నవ్వు మంచిదే, కాదనను. మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో 20 మందికి నవ్వొచ్చే సినిమా, బెంగపెట్టే సినిమా చూపించి చేతి రక్తనాళాన్ని కొలిస్తే, నవ్వినప్పుడు రక్తప్రవాహం సగటున 22 శాతం పెరిగింది, బెంగపడినప్పుడు 35 శాతం తగ్గింది. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2011లో చూపించిందింకా తమాషాగా ఉంటుంది: చేతికి ఐస్‌లా గడ్డకట్టిన తొడుగు తొడగడమో, బీపీ పట్టీ బిగించడమో చేసి, ఎంతసేపు ఓర్చుకుంటారో చూశారు. కడుపారా నవ్వి వచ్చినవాళ్లు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. పొట్ట కండరాలు అలిసిపోయేదాకా ఊపిరి బయటికి నెట్టడం వల్ల ఒంట్లో ఎండార్ఫిన్లు, అంటే నొప్పిని తగ్గించే రసాయనాలు, ఊరుతాయని వాళ్ల అంచనా. బాగుంది. కానీ ఇవేవీ మాత్రలు మానెయ్యమని చెప్పలేదు కదా. మన క్లబ్బులో ఎప్పుడూ వినిపించే పేరు నార్మన్ కజిన్స్, ఆ అమెరికా పత్రికా సంపాదకుడికి 1964లో వెన్ను పట్టేసే జబ్బు చేస్తే, పది నిమిషాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్రపట్టేదని రాసుకున్నాడు. ఆయన పెద్ద మోతాదులో విటమిన్ సి కూడా ఎక్కించుకున్నాడు, ఆ ముక్క మైకులో ఎవరూ చెప్పరు. పైగా అది ఒక్క మనిషి కథ.

నా బీపీ సంగతి అడుగుతారేమో. తగ్గింది. మాత్ర వేసుకుంటున్నాను, పచ్చడి సగానికి తగ్గించాను (గుంటూరులో ఇది చిన్న త్యాగం కాదు), రోజూ ఇరవై నిమిషాలు నడుస్తున్నాను, నవ్వుతున్నాను. ఇందులో ఎవరికి ఎంత వాటా రాయాలో నా పద్దు పుస్తకంలో కాలమ్ లేదు. నిద్ర మాత్రం మారింది, అది ఒప్పుకుంటాను.

ఇంకో లోపం. హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గుండెజబ్బు, మొలలు బాగా ముదిరినవాళ్లు, గర్భసంచి జారిన ఆడవాళ్లు ఇలా గట్టిగా నవ్వే కసరత్తు చెయ్యకూడదు, డాక్టర్ని అడిగే రావాలి. ఇది ఈ పద్ధతి పెట్టినవాళ్లే చెప్పే జాగ్రత్త. ఇక్కడ చేరేటప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, 200 తీసుకుని రసీదు కూడా ఇవ్వలేదు. నేను అడిగాక ఏప్రిల్ నుంచి ఒక కాగితం నింపిస్తున్నారు, రసీదు ఇప్పటికీ లేదు. గుమాస్తాని కదా, నాకు అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

పని విషయానికొస్తే, అసలు నేను ఇదంతా రాయడానికి కారణం అదే.

మా బావమరిది విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో చేస్తాడు, పేరు వద్దులెండి. మార్చిలో వాళ్లకి కూడా ఇలాంటి నవ్వుల క్లాసు పెట్టారు, తప్పనిసరి, హాజరు వేశారు. మేనేజరు పక్కన నిలబడి ఎవరు నవ్వుతున్నారో చూస్తున్నాడట. క్లాసు అవగానే అదే హాల్లో టార్గెట్ల మీటింగు, అందరికీ వరసగా తిట్లు. "బావా, సింహం నవ్వు మేము నవ్వాం, సింహం తర్వాత వచ్చింది" అన్నాడు. అలా నవ్వించేకంటే ఆ గంట వాళ్లని ఇంటికి పంపించినా పుణ్యం ఉండేది.

ఇంగ్లండులో వార్విక్ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన ఒకటి ఉంది, 2015లో అచ్చయింది. కొంతమందికి కామెడీ వీడియో చూపించి, తర్వాత పది నిమిషాలు కూడికలు చేయించారు, రెండంకెల సంఖ్యలు ఐదేసి చొప్పున. చూపించనివాళ్లకంటే వీళ్లు దాదాపు 12 శాతం ఎక్కువ చేశారు. అచ్చంగా నా పనే కదా ఇది, అందుకే ఆసక్తిగా చదివాను. అందులో ఇంకో ముక్క ఉంది: ఎక్కువ లెక్కలు చేశారు కానీ, ఒక్కో లెక్క ముందుకంటే తప్పుల్లేకుండా చేశారని కాదు. అదే నా అనుభవం కూడా. పొద్దున నవ్వి వెళ్లిన రోజు పెన్ను త్వరగా కదులుతుంది, మధ్యాహ్నం దాకా విసుగు రాదు, కానీ సాయంత్రం టోటల్ రెండోసారి చూసుకోవాల్సిందే.

నాకు కలిసొచ్చింది వేరే చోట. మా కొట్లో ఒక కుర్ర గుమాస్తా ఉన్నాడు, రెండేళ్లయింది చేరి. మార్చి మధ్యలో, కొట్టు ముందు నడవడానికి దారి లేనన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగిన రోజు, వాడు ఒక రైతు సరుకు 64 టిక్కీలని 46 అని రాశాడు. రాసి, సాయంత్రం ఆరింటికి తెల్లమొహం వేసుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. నేను మామూలుగా అయితే యార్డు గేటు దాకా వినిపించేలా అరుస్తాను, అది నాకు తెలుసు, వాడికీ తెలుసు. క్లబ్బులో పోట్లాట నవ్వు అని ఒకటి ఉంటుంది, ఎదుటివాడికి వేలు చూపిస్తూ తిడుతున్నట్టే నవ్వాలి, మాట మాత్రం రాకూడదు. నెల రోజులుగా రోజూ చేస్తున్నానేమో, అరుద్దామని వేలెత్తాను, నోట్లోంచి "హా హా హా" వచ్చింది. వాడు బిత్తరపోయాడు. కాటా దగ్గర హమాలీలు ఆగిపోయి చూశారు. తర్వాత వాడికీ వచ్చేసింది నవ్వు. ఆ రైతు మాచర్ల బస్సెక్కకముందే ఫోన్ చేసి, వెనక్కి పిలిచి, చీటీ తిరగరాసి, తేడా డబ్బులు చేతిలో పెట్టి పంపించాం.

ఆ వారంలో వాడు ఇంకో మూడు పాత తప్పులు తెచ్చి చూపించాడు. రెండు డిసెంబరువి! అంటే అన్నాళ్లూ నా నోటికి భయపడి దాచుకున్నాడన్నమాట. 12 శాతం సంగతి ఏమో గానీ, ఆ మూడింటి విలువ మా షావుకారుగారికి బాగా తెలుసు.

అలాగని కొట్లో ఎక్కడ పడితే అక్కడ నవ్వితే కుదరదు. తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎక్కువుందని రేటు తగ్గించేసిన సరుకు ముందు రైతు తల పట్టుకుని కూర్చుంటే, పక్కన మనం ఇకిలిస్తూ ఉంటే ఏమవుతుంది? నవ్వు నాలుగు విధాల చేటు అని పెద్దలు అన్నది ఇలాంటి చోట్లకే అనుకుంటా. వాళ్ల ముందు నేను నవ్వను, మా కుర్రాణ్నీ నవ్వనివ్వను. షావుకారు వేసిన పాత జోకుకి పళ్లికిలించడం కూడా నవ్వు కింద లెక్క కాదు, అది ఉద్యోగంలో భాగం.

మిగతా చిన్న చిన్నవి. మైకు సౌండు తగ్గించాలి, ఎదురు అపార్ట్‌మెంటులో పరీక్షలకి చదువుకునే పిల్లలుంటారు, వాళ్ల అమ్మ రెండుసార్లు వచ్చి అడిగింది, పాపం ఆమెకి కోపం రావడంలో తప్పేం లేదు. వానొస్తే క్లాసు లేదు, ముందుగా చెప్పరు. దోమలు ఉన్నాయి. టీ బాగుంటుంది, అల్లం దంచి వేస్తాడు, ఫీజులోనే వస్తుంది. ముఖ్యంగా వీడియోలు తియ్యనివ్వకూడదు. మా బ్యాచ్‌లో ఎవరో నా సింహం నవ్వు తీసి స్టేటస్‌లో పెట్టారు, అది ఎలా తిరిగిందో యార్డు దాకా వచ్చింది, ఇప్పుడు లారీ దగ్గర హమాలీలు నన్ను "సింహం గారూ, ఈ లోడు రాసుకోండి" అంటున్నారు. 19 ఏళ్ల పరువు. మా ఆవిడ మాత్రం ఆ వీడియో దాచుకుంది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఫ్లెక్సీ తీసేస్తే నాలుగు. ఇలాంటి క్లబ్బులు చాలా ఊళ్లలో ఉచితంగానే నడుస్తాయి కాబట్టి 200 కొంచెం ఎక్కువే, కానీ టీ లెక్కేసుకుంటే గిట్టుబాటే. ఒక్కళ్లే వెళ్లడానికి సిగ్గయితే ఆ మూడు ఉచిత రోజుల్లో ఎవర్నైనా తోడు తీసుకెళ్లండి. ఏమీ తినకుండా వెళ్లండి, నీళ్ల సీసా మీరే తెచ్చుకోండి, 5:40కల్లా వెళ్తే ఎడమవైపు వేపచెట్టు దగ్గర రెండో వరసలో చోటు దొరుకుతుంది. ఆర్టీసీ ఆయన నిలబడేది అక్కడే.