పదో తరగతి విహారయాత్ర: రంగుల కాగితం మీద ఏడు చోట్లు, మా లెక్కలో నాలుగు

గత ఏడాది పదో తరగతి పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లి వచ్చిన మూడో రోజున, ఒక అమ్మాయి తల్లి బడి గేటు దగ్గర నన్ను ఆపింది. "టీచరమ్మా, మా పిల్ల ఎక్కడెక్కడికి వెళ్లొచ్చిందో చెప్పలేకపోతోంది. బస్సులో ఏ సినిమా వేశారో మాత్రం చెబుతోంది" అంది. నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు జవాబు దొరకలేదు.

ఆ యాత్రను ఒక ప్రైవేటు ఏజెన్సీకి అప్పగించాము. వాళ్లిచ్చిన రంగుల కాగితం ఇంకా నా బీరువాలో ఉంది. ఏడు బొమ్మలు, ఏడు పేర్లు, పైన పెద్ద అక్షరాలతో 'విజ్ఞాన యాత్ర'. మనిషికి 1,450 రూపాయలు. రెండు పగళ్లు, ఒక రాత్రి. బేరం కూడా ఆడలేదు. ఏర్పాట్ల బరువు మా నెత్తి మీద పడనందుకు సంతోషించాము. నేను లెక్కల టీచరును కాను, సోషల్ చెబుతాను. అయినా మొదటి రోజే అనుమానం వచ్చి గడియారం చూసి రాసుకున్నాను. గుడి దగ్గర ఇరవై నిమిషాలు. మ్యూజియంలో పదిహేను. ఒక చెరువు గట్టు మీద బస్సు దిగి, ఫొటో దిగి, మళ్లీ బస్సెక్కడానికి పన్నెండు. మధ్యాహ్నం వాళ్లు తీసుకెళ్లిన హోటల్లో గంటా నలభై నిమిషాలు, దాన్ని ఆనుకొని ఉన్న బొమ్మల దుకాణంలో ముప్పావు గంట. ఆ హోటలు, ఆ దుకాణం కాగితం మీది ఏడు చోట్లలో లేవు. రాత్రి పడుకోవడానికి ఇచ్చిన హాలులో ఆడపిల్లలు ఇరవై ముగ్గురికి ఒకటే స్నానాల గది, దానికి గడియ లేదు. నేనూ, హిందీ టీచరూ వంతులవారీగా తలుపుకు ఆనుకొని నిలబడ్డాము.

ఈ ఏడాది ఏజెన్సీ వద్దన్నాను. "అయితే మీరే చూసుకోండి" అన్నారు ప్రధానోపాధ్యాయులు. ఆ మాటలో సగం అనుమతి, సగం బెదిరింపు.

మాది సత్తెనపల్లి దగ్గరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. పదో తరగతిలో నలభై ఒక్క మంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఫిబ్రవరిలో ప్రీ ఫైనల్. ఆ రెంటికీ ముందు సంక్రాంతి సెలవుల తర్వాత ఒక సందు దొరుకుతుంది. ఆ సందులోనే వీడ్కోలు సభ, గ్రూపు ఫొటో, స్లామ్ బుక్కుల హడావిడి, విహారయాత్ర అన్నీ ఇరుక్కోవాలి. మగపిల్లలు యాత్ర వద్దు, ఆ డబ్బుతో వీడ్కోలు సభకు డీజే పెట్టించమన్నారు. ఆడపిల్లలు మూకుమ్మడిగా యాత్రే కావాలన్నారు. వాళ్లకు ఊరు దాటే వీలు మళ్లీ ఎప్పుడో! ఓటింగు పెడితే యాత్రే గెలిచింది.

ఎక్కడికి అన్నప్పుడు నాగార్జునకొండ అన్నాను. "అదా!" అన్నారు అందరూ. మా పొలాలకు నీళ్లొచ్చేదే సాగర్ కుడి కాలువ నుంచి. చిన్నప్పటి నుంచి సాగర్ పేరు వినీ వినీ చూసినట్టే అనుకుంటారు. చేతులెత్తమంటే అసలు చూసినవాళ్లు నలభై ఒక్క మందిలో తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలోనూ లాంచీ ఎక్కి కొండకు వెళ్లింది ఒక్కరే.

డిపోకు వెళ్లి ఆర్టీసీ బస్సు అద్దెకు మాట్లాడుకున్నాము. ఒక్క పగటి ప్రయాణం, రాత్రి బస లేదు. బస్సు, లాంచీ, తిండి అన్నీ కలిపి మనిషికి 780 రూపాయలు వసూలు చేశాము. ఉపాధ్యాయులు నలుగురం మా డబ్బు మేమే కట్టుకున్నాము. తల్లిదండ్రుల సంతకాలతో అంగీకార పత్రాలు తీసుకున్నాము. ఒక ముఖ్యమైన మాట: రోజును గురువారంగా ఎంచుకున్నాము. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ సంగతి చూసుకోకుండా వెళ్లి తాళం చూసి వచ్చిన బడి ఒకటి మా మండలంలోనే ఉంది.

తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాము. పిడుగురాళ్ల వచ్చేసరికి సున్నపు బట్టీల పొగ, గురజాల దాటేసరికి సూర్యుడు, రెంటచింతల బోర్డు కనబడగానే బస్సంతా ఒకటే గోల. ఎండాకాలం వస్తే వార్తల్లో ఆ ఊరి పేరు వినని పల్నాటి పిల్లలు ఉండరు. మేము వెళ్లింది ఫిబ్రవరి మొదటి వారంలో కాబట్టి అక్కడ కూడా చలిగానే ఉంది. "ఇదేనా రెంటచింతల?" అని ఒకడు నిరాశ పడ్డాడు కూడా. దారిలో ఆగిన పెట్రోలు బంకులో మరుగుదొడ్డి తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడి వాళ్లకే తెలియదు. మా డ్రైవరు గారు ఎవరూ అడగకుండానే బస్సును తిప్పి మాచర్ల బస్టాండు లోపలికి తీసుకెళ్లి ఆపారు. రంగుల కాగితం మీద ఏజెన్సీలు ఎప్పటికీ అచ్చు వేయని సేవ ఇదే. ఆడపిల్లలున్న బస్సుకు ఎక్కడ ఆగాలో తెలిసిన డ్రైవరు దొరికితే సగం యాత్ర గట్టెక్కినట్టే.

ఎత్తిపోతల గురించి తొందరగా చెప్పేస్తాను. చంద్రవంక వాగు మీద డెబ్బై అడుగుల జలపాతం. పైనుంచి చూడాలి, కింద మొసళ్లు. అరగంట చాలు. పిల్లలు మొసలి కోసం వెతికి వెతికి ఒక రాతిని మొసలి అని తీర్మానించుకొని ఫొటోలు తీసుకున్నారు. నేను అడ్డు చెప్పలేదు.

సాగర్ ఒడ్డున లాంచీలు బయలుదేరే విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కేముందు నాకు గుండె దడ మొదలైంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం మరచిపోయే విషయం కాదు. అందుకని లైఫ్ జాకెట్ల సంగతి పిల్లలకు ముందురోజే తరగతిలో చెప్పి ఉంచాము: వేసుకోవడం కాదు, బకిల్ పెట్టుకోవడం ముఖ్యం. పీఈటీ మాస్టారు ఒక్కొక్కరి బకిల్ లాగి చూశాకే కూర్చోనిచ్చారు. పొట్టిగా ఉన్న ఇద్దరికి చిన్న సైజు అడిగితే లాంచీ సిబ్బంది వెతికి తెచ్చి ఇచ్చారు. అక్కడి నుంచి కొండకు దాదాపు గంట ప్రయాణం. మొదటి పది నిమిషాలు కేకలు, ఆ తర్వాత నిశ్శబ్దం. నీళ్ల మధ్యకు వచ్చాక పిల్లలు వాళ్లంతట వాళ్లే మాట్లాడటం మానేశారు. నేను సోషల్ తరగతిలో పన్నెండేళ్లుగా సాధించలేనిది!

ఇక కొండ. ఈ సమీక్ష రాయడానికి కారణం ఇదే.

చూడటానికి ద్వీపం. నిజానికి అది ఒక లోయ మధ్య నిలబడిన కొండ కొస. కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది, మూడో శతాబ్దం నాటి మాట. ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపి, దొరికినవాటిలో ముఖ్యమైన కట్టడాలను విప్పి తెచ్చి కొండ మీద, జలాశయం ఒడ్డునున్న అనుపులో తిరిగి పేర్చారు. మ్యూజియం లోపల ఆ లోయ మొత్తం నమూనా ఉంది: స్తూపాలు, విహారాలు, నది. నా పాఠం అక్కడే చెప్పాను. "మనం ఇప్పుడు లాంచీలో వచ్చింది దీని మీదుగా" అని వేలు పెట్టి చూపించేసరికి, అప్పటిదాకా కిటికీ బయటికి చూస్తున్న వాళ్లు కూడా ముందుకు తోసుకొచ్చారు. "అంటే మనం ఊరి మీద వచ్చామా టీచర్?" అని ఒక అమ్మాయి అడిగింది. అవునన్నాను. మా పొలాలు పండటానికి మునిగిన ఊరు అది. ఆ ముక్క నేను చెప్పకముందే ఇంకొకడు అందుకున్నాడు.

అక్కడే వాళ్లకు ఇంకో మాట చెప్పాను, కొంచెం గర్వంగానే. ఈ చోటును 1926లో మొదట గుర్తుపట్టి ప్రభుత్వానికి తెలియజేసింది సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు. ఒక పాత స్తంభం ఆయన కంటబడింది, ఆయన ఊరుకోలేదు. ఆ తర్వాతే పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ వచ్చాడు, తవ్వకాలు మొదలయ్యాయి. మా తెలుగు మాస్టారు వెంటనే "చూశారా, పంతుళ్లంటే ఏమనుకున్నారు!" అని మీసం మీద చెయ్యి వేశారు.

గ్యాలరీల్లో పిల్లలు దేని దగ్గర ఆగుతారో ముందుగా ఊహించలేము. తొమ్మిది అడుగుల బుద్ధుడి దగ్గర ఆగుతారనుకున్నాను. ఒక చూపు చూసి దాటిపోయారు. ఛాయా స్తంభాల దగ్గర గుంపు కట్టారు. చనిపోయిన రాజులకు, సైనికులకు, పనివాళ్లకు కూడా గుర్తుగా నిలబెట్టిన రాళ్లవి. "ఇవి మన కారంపూడి వీరుల రాళ్ల లాంటివే కదా" అన్నాడు ఒక కుర్రాడు. పల్నాటి వీరులకూ వీటికీ మధ్య దాదాపు తొమ్మిది వందల ఏళ్ల దూరం ఉంది, సంబంధం ఉందని నేను చెప్పలేను. కానీ ఆ పోలిక వాడికి ఎవరూ చెప్పలేదు, తనంతట తనకే తోచింది. ఆడపిల్లలను ఆపింది వేరే విషయం: ఇక్కడి మహాచైత్యాన్ని, అంటే పెద్ద బౌద్ధ స్తూపాన్ని, కట్టించినవాళ్లలో ముఖ్యురాలు చాంతిసిరి, రాజుగారి మేనత్త. ఈ కట్టడాలకు దానాలిచ్చిన వాళ్లలో చాలామంది రాజకుటుంబపు ఆడవాళ్లే. "డబ్బు వాళ్ల చేతుల్లోనే ఉండేదా టీచర్?" అన్న ప్రశ్నకు నా దగ్గర పాఠ్యపుస్తకపు జవాబు లేదు.

మ్యూజియంలోనే గంటా పావు గడిపాము. గత ఏడాది అయితే ఆ సమయంలో నాలుగు చోట్లు అయిపోయేవి.

భోజనం బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కలే పొట్లాలు కట్టి ఇచ్చారు: పులిహోర, పెరుగన్నం, గోంగూర పచ్చడి. చెట్ల కింద కూర్చొని తిన్నాము. పులిహోర పొద్దుటికంటే మధ్యాహ్నానికే రుచి, ఇది అందరికీ తెలిసిందే. ఒకటే పొరపాటు, నా వల్లే జరిగింది: మంచినీళ్ల డబ్బాలు రెండు బస్సులోనే వదిలేశాము. కొండ మీద నీళ్ల సీసాలు కొనాల్సి వచ్చింది. మీరు వెళితే ఒక్కొక్కరికీ రెండు లీటర్ల సీసా ఇచ్చి, ఎవరిది వాళ్లే మోసుకోమనండి.

తిరుగు లాంచీ దిగాక అనుపు. అక్కడ మెట్లు మెట్లుగా ఉన్న రంగస్థలాన్ని తిరిగి కట్టి ఉంచారు. కింద మధ్యలో నిలబడి మామూలుగా మాట్లాడినా పై మెట్టుకు వినబడుతుందని చెబితే నమ్మలేదు. సరే, హాజరు తీసుకుంటానన్నాను. పిల్లలు పైమెట్ల మీద చెదిరి కూర్చున్నారు, నేను కింద నిలబడి ఒక్కో నంబరు చదివాను. మా తరగతిలో పదిహేడో నంబరు కుర్రాడు ఏడాదంతా 'ప్రెజెంట్' అన్న మాట పెదవుల మీదే అనేవాడు, వినపడక నేను ప్రతిరోజూ తలెత్తి చూడాల్సి వచ్చేది. ఆ రోజు వాడి గొంతు కింద దాకా స్పష్టంగా వచ్చింది. వాడే ఉలిక్కిపడ్డాడు. తర్వాత తనంతట తనే కిందికి దిగి వచ్చి వేమన పద్యం ఒకటి చదివాడు. రెండో పాదం తప్పాడు, ఎవరూ నవ్వలేదు.

ఆనకట్టను చివరికి పెట్టుకోవడం నా నిర్ణయం, అది తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. సాయంత్రం వెలుగు తగ్గింది. మీదికి వెళ్లనివ్వరు కాబట్టి దిగువ వంతెన మీద నుంచే చూశాము. ఇరవై ఆరు గేట్లు. లెక్కపెట్టమంటే ఒకరికి ఇరవై అయిదు, ఒకరికి ఇరవై ఏడు వచ్చాయి. రెండు జట్లుగా విడిపోయి వాదించుకున్నారు. ఒక కుర్రాడు మాత్రం గేట్ల జోలికి పోలేదు. వాళ్ల తాత ఆనకట్ట కట్టేటప్పుడు కూలికి వెళ్లి రాళ్లు మోశాడట. పొద్దున బస్సెక్కేటప్పుడు "నేను మోసిన రాయి చూసి రారా" అని నవ్వుతూ పంపాడట. వీడు ఆ మాటను నవ్వులాటగా తీసుకోలేదు. అంత పెద్ద రాతి గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తూనే ఉన్నాడు. చీకటి పడుతోందని నేనే వాడి భుజం పట్టి బస్సెక్కించాను.

బుద్ధవనం అనే బౌద్ధ పార్కు అవతలి ఒడ్డున తెలంగాణ వైపు ఉంది, సమయం చాలక వదిలేశాము. నాకేమీ బాధ లేదు.

రాత్రి తొమ్మిదిన్నరకు బడి చేరాము. ఖర్చు లెక్కంతా కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించాను: వసూలు 31,980, మిగులు 1,148. తలా 28 రూపాయలు వెనక్కి ఇస్తానంటే తీసుకోలేదు, వీడ్కోలు సభలో ఐస్‌క్రీములకు ఉంచమన్నారు. డీజే అడిగినవాళ్లే ముందు చెయ్యెత్తారు.

సోమవారం ఆ తాత బడికి వచ్చారు, మనవడి హాల్ టికెట్టు సంగతి కనుక్కోవడానికి. వెళ్లేటప్పుడు వరండాలో నన్ను చూసి ఆగారు. "టీచరమ్మా, వీడు ఎడమ పక్క నుంచి మూడో వరస అంటాడు. నేను పనిచేసింది కుడి పక్కన" అన్నారు.