73 స్ట్రాట్: పెదనాన్నది అసలుది, తమ్ముడిది రీఇష్యూ. ఒక ఆదివారమంతా విన్నాం

ముందే చెప్పేస్తా, నేను పాత గిటార్ల పార్టీ. ఈ పోలికలో నాకు కావాల్సిన జవాబు రాలేదు, ఆ కడుపుమంట అక్కడక్కడా కనిపిస్తే సర్దుకోండి.

మా పెదనాన్న దగ్గర 1973 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఉంది, ముద్దుగా స్ట్రాట్ అంటారు, అమెరికా ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్. న్యూజెర్సీలో ఉద్యోగం చేసే రోజుల్లో తాకట్టు కొట్లో కొన్నాడు, రిటైరై తిరుచానూరు రోడ్డులో ఇల్లు కట్టుకున్నప్పుడు సామాన్లతో పాటు తెచ్చుకున్నాడు. ఇటు మా ఆర్కెస్ట్రాలో నాతో పాటు రిసెప్షన్లకు వాయించే తమ్ముడొకడు పోయిన నెల చెన్నై నుంచి రీఇష్యూ (పాత మోడల్‌ను కంపెనీయే మళ్లీ చేసి అమ్మేది) తెచ్చాడు, ఫెండర్ వాళ్లు 2022లో దించిన అమెరికన్ వింటేజ్ టూ సిరీస్‌లోని 1973 మోడల్. రెండు లక్షల పైమాటే. వాళ్లమ్మకు మాత్రం ఎనభై వేలని చెప్పాడట.

ఇందులో ఒక తమాషా ఉంది. 1965లో ఫెండర్ కంపెనీని సీబీఎస్ అనే అమెరికా టీవీ, రేడియో కంపెనీ కొనేసింది, ఆ తర్వాత వచ్చిన గిటార్లంటే చాలాకాలం జనం ముఖం తిప్పుకునేవాళ్లు. పెద్ద హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే తల), నాలుగు బోల్టులకు బదులు మూడు బోల్టుల నెక్ (చేత్తో పట్టుకునే మెడ), మందంగా ప్లాస్టిక్ పూసినట్టుండే పాలియెస్టర్ పెయింటు, వీటన్నిటినీ తిట్టినవాళ్లే ఎక్కువ. ఇప్పుడు ఆ తిట్లు తిన్న గిటార్‌నే కొలతలు చూసుకుని మళ్లీ చేసి అమ్ముతున్నారు, మనం అప్పు చేసి కొంటున్నాం.

సరే, విన్న సంగతి. పెదనాన్న యాంప్ కూడా అమెరికాదే, 120 వోల్టులది, కాబట్టి మన ఇంటి కరెంటు వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడుపుతాడు. మొదట రెండు గిటార్లూ ఒకటే పనిగా "గుయ్" అంటుంటే సింగిల్ కాయిల్ పికప్పులు (తీగల కింద ఉండి వాటి కదలికను పట్టుకునే అయస్కాంతాలు, తీగచుట్లు; ఒంటి చుట్టు రకానికి హోరు మామూలే) కదా, అంతేలే అనుకున్నాం. తీరా చూస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కుర్చీ కిందే ఉంది, దాన్ని తలుపు దగ్గరికి జరిపేసరికి సగం హోరు పోయింది. అదే కేబుల్, అదే యాంప్, నాబ్‌లు కదపకూడదని ఒప్పందం.

ఐదు నిమిషాల్లో కొత్తది గెలిచింది. సౌండ్ ఎక్కువ, మెరుపు ఎక్కువ, తీగ మీటితే గదంతా నిండుతోంది. పాతది దాని పక్కన జలుబు చేసినట్టు ఉంది. తమ్ముడి ముఖం వెలిగిపోయింది, నాకు ఏం మాట్లాడాలో తెలీలేదు. పెదనాన్న మాత్రం తాపీగా "రేయ్ నాయనా, నా గిటార్‌కు తీగలు మార్చి మూడేళ్లయిందిరా" అన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు పని. రెండింటికీ ఒకే ప్యాకెట్ రకం కొత్త తీగలు, 10-46 సైజు (సన్న తీగ, లావు తీగ మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో), వేశాం. పాతది ఒక్కసారిగా బతికొచ్చింది. తర్వాత స్టీలు స్కేలు పెట్టి పికప్పుల ఎత్తు చూస్తే కొత్తదాంట్లో అవి తీగలకు మరీ దగ్గరగా లేచి ఉన్నాయి, అందుకే ఆ సౌండ్. అంత దగ్గరైతే అయస్కాంతం తీగను లాగేస్తుంది, లావు తీగ పై ఫ్రెట్లలో (నెక్ మీది లోహపు అడ్డకమ్మీల్లో) వణికినట్టు, రెండు శ్రుతులు పోట్లాడుకున్నట్టు వినిపిస్తుంది. రెండింటినీ ఒకే ఎత్తుకు దించాం. ఎక్కువ సౌండ్ వచ్చేదే మంచి టోన్ అని చెవి ఎంత తేలిగ్గా మోసపోతుందో అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లు స్టేజీ ఎక్కినవాణ్ణి, నేనూ మోసపోయా.

అయినా తేడా మిగిలింది. పాతది ఇంకా కాస్త మెత్తగానే ఉంది. పెదనాన్న ఒప్పుకున్నాక (అరగంట బతిమాలాక) దాని పిక్‌గార్డ్ (పికప్పులు, నాబ్‌లు బిగించిన ముందు పలక) పదకొండు స్క్రూలూ విప్పి తిరగేశాం. లోపల పాట్ (నాబ్ కింద ఉండి, తిప్పితే రెసిస్టెన్స్ మార్చే భాగం) వెనక 1377318 అని గుద్ది ఉంది. 137 అంటే పాట్ చేసిన సీటీఎస్ కంపెనీ కోడ్, 73 అంటే సంవత్సరం, 18 అంటే పద్దెనిమిదో వారం. ఇన్నాళ్లూ 73 అన్నది ఆ తాకట్టు కొట్టువాడి మాటే, ఇప్పుడు కాగితం దొరికినట్టయింది. ఆ పాట్ మొదటి నుంచీ ఉన్నదే అయితే గిటార్ అంతకంటే ముందు తయారై ఉండదని తెలిసింది.

మల్టీమీటర్ పెడితే ఆ వాల్యూమ్ పాట్ 250 ఉండాల్సింది 221 కిలో ఓమ్‌లు చూపించింది. కొత్తదాంట్లోది 264. నాకు ఆ రోజు మొత్తంలో నచ్చిన ఘట్టం ఇదే. పాట్ విలువ తగ్గేకొద్దీ పై స్వరాల మెరుపు ఆ దారిన కొంత కారిపోతుంది, అంటే మేం "ముసలి చెక్క మాధుర్యం" అని మురిసిపోతున్నదాంట్లో ఎంతో కొంత ఈ రూపాయి బిళ్లంత డబ్బా పని. నెక్ వైపు పికప్ పెట్టుకుని కొత్తదాని టోన్ నాబ్ పది నుంచి ఎనిమిదికి తిప్పమన్నా. తమ్ముడు తిప్పాడు. పెదనాన్న కళ్లు మూసుకుని విని "ఇది నాదే కదా" అన్నాడు. కాదు.

పికప్పుల్లో తీగచుట్ల రెసిస్టెన్స్ రెండింట్లోనూ ఆరు కిలో ఓమ్‌లకు కాస్త అటూ ఇటూనే. అయస్కాంతాలు యాభై ఏళ్లలో బలం కోల్పోయి టోన్ తియ్యబడుతుందని అంటుంటారు గానీ, ఈ పికప్పుల్లో వాడే ఆల్నికో అయస్కాంతం దాని మానాన అది అంత తొందరగా నీరసించదు.

గోడవైపు తిరిగి వినే పరీక్ష కూడా పెట్టాం. టోన్ నాబ్ ఎనిమిది మీదే ఉంచి తమ్ముడు పది సార్లు మార్చి మార్చి వాయించాడు. పెదనాన్న ఆరు కరెక్టుగా చెప్పాడు, నేను ఐదు. ఐదంటే బొమ్మా బొరుసూ వేసినా వస్తాయి. పందెం కాసిన బిర్యానీ నేనే తెప్పించా.

చేతికి మాత్రం తేడా ఉంది, అది కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. పాతదాని నెక్ వెనక యాభై ఏళ్ల అరచేతుల నునుపు. కానీ ఫ్రెట్లు అరిగి చప్పిడి అయ్యాయి, గమకం లాగితే వేలి కింద తీగ జారిపోతుంది, పైగా ఫ్రెట్లు దిగగొట్టిన ఫ్రెట్‌బోర్డు 7.25 అంగుళాల వ్యాసార్థంతో బాగా వంపుగా ఉంటుంది కాబట్టి పైన బాగా లాగితే స్వరం గొంతు పట్టేసినట్టు చచ్చిపోతుంది. ఆ వంపు కొత్తదాంట్లోనూ ఉంది, ఫ్రెట్లు నిండుగా ఉండటం వల్ల బాధ తక్కువ. సామాన్లు తూచే కొక్కెం త్రాసుకు తగిలిస్తే పాతది 4.2 కిలోలు, కొత్తది 3.7. మూడు గంటల రిసెప్షన్‌లో ఆ అరకిలో ఎక్కడ ఉంటుందో నా ఎడమ భుజాన్ని అడగండి. ఇంకా, పాతదాని పికప్పులు ఎంచుకునే స్విచ్ మూడు చోట్లే ఆగుతుంది. రెండు పికప్పులు కలిసిన ఆ బాతు గొంతు కావాలంటే స్విచ్‌ను మధ్యలో జాగ్రత్తగా నిలబెట్టాలి, కంపెనీ ఐదు చోట్ల ఆగే స్విచ్ పెట్టింది 1977లో గానీ కాదు. పెదనాన్న వాయిస్తూ వాయిస్తూ చిటికెన వేలితో దాన్ని అక్కడ ఆపుతాడు, చూడటానికే ముచ్చటగా ఉంటుంది.

కొనాలనుకునేవాళ్లకు నా మాట: స్టేజీ మీద వాయించడానికైతే రీఇష్యూ తీసుకోండి, అదీ షాపులో వినిపించినట్టు కాదు, పికప్పులు దించి వినండి. అసలు 73 ఎవరైనా అమ్ముతామంటే పిక్‌గార్డ్ విప్పి పాట్ వెనక అంకెలు చూడనివ్వమనండి, వద్దంటే లేచి వచ్చేయండి.

మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద రెండు గిటార్లూ ఒకే రాగంలో జుయ్ మన్నాయి. "ఇప్పుడు చెప్పరా ఏది ఏదో" అని పెదనాన్న నవ్వాడు.

నేనైతే రేపు నా ఇరవై రెండు వేల కాపీ గిటార్ విప్పి దాని పాట్లు కొలుస్తున్నా.